గాలం వేటకు బ్యాగు: వీపుకా, భుజానికా, నడుముకా?

గాలం వేసేవాళ్ళను రాడ్ గురించి అడిగితే గంట చెబుతారు, రీల్ గురించి అడిగితే రెండు గంటలు. బ్యాగు మాట ఎత్తితే మాత్రం "ఏదో ఉందిలే" అంటారు. చాలాసార్లు అది ఇంట్లో మూల పడి ఉన్న పాత కాలేజీ బ్యాగే. గట్టు పక్కనే బండి ఆపి, అక్కడే కుర్చీ వేసుకుని, పొద్దు వాలాక లేచి వచ్చేవాళ్ళకు ఆ బ్యాగు చాలు. వాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు. బండి దిగాక కిలోమీటర్లు నడిచేవాళ్ళు, ఒకచోట నిలవకుండా నీటి వెంట కదులుతూ వేసేవాళ్ళు, మోకాలి లోతు నీళ్ళలోకి దిగేవాళ్ళు మాత్రం ఈ సంగతి కాస్త తేల్చుకోవాలి.

కొనేటప్పుడు అందరి కళ్ళూ జేబుల మీదికే పోతాయి. ఎన్ని జేబులుంటే అంత మంచి బ్యాగు అనుకుంటారు. నన్నడిగితే చూడాల్సినవి రెండే. బరువు ఒంటి మీద ఎక్కడ ఆనుతోంది? కావలసిన వస్తువు తీయాలంటే బ్యాగు దించాలా, అక్కర్లేదా? చిక్కేమిటంటే ఈ రెంటికీ పొసగదు. బరువు బాగా మోసేది వీపున ఉంటుంది, చేతికి అందదు. చేతికి అందేది బరువు మోయలేదు.

ముందు బరువు సంగతి చూద్దాం. రెండు లీటర్ల నీళ్ళంటే రెండు కిలోలు, అందులో బేరం లేదు. గాలం నీళ్ళలో మునగడానికి కట్టే సీసం కంటికి చిన్నగా కనిపిస్తుంది గానీ, 100 మిల్లీలీటర్లు పట్టే డబ్బాను గుండ్లతో నింపితే అర కిలో దాటిపోతుంది. ప్లానో కంపెనీ 3600 సైజు ట్రే, అంటే సుమారు 28 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు ఉండే అరల పెట్టె, లూర్లతో, అదే చేపను మురిపించే కృత్రిమ ఎరలతో, నిండితే మరో అర కిలో అటూ ఇటూ. ఇలాంటివి రెండు మూడు, ఒక విడి రీలు, ప్లయరు, తువ్వాలు, వాన కోటు, తలకు కట్టుకునే లైటు, తినడానికి ఏదో ఒకటి. చూస్తుండగానే ఆరేడు కిలోలు. తిరిగొచ్చేటప్పుడు నీళ్ళ బరువు తగ్గినా తడిసిన బట్టలు ఆ లోటు పూడుస్తాయి. అదృష్టం బాగుంటే చేపలు కూడా.

వీపు బ్యాగు

ఆరేడు కిలోలంటే వేరే ఆలోచన అక్కర్లేదు, వీపు బ్యాగే. కాకపోతే వీపుకు తగిలించుకునేవన్నీ ఒకటి కావు. తేడా అంతా నడుము పట్టీలో ఉంది. వెడల్పుగా, మెత్తగా ఉన్న పట్టీని తుంటి ఎముకల మీదికి వచ్చేలా బిగిస్తే బరువులో ఎక్కువ భాగం భుజాల మీంచి తుంటి మీదికి దిగుతుంది. చాలా బ్యాగులకు దాని బదులు రెండు వేళ్ళ వెడల్పు నాడా ఒకటి కుట్టి వదిలేస్తారు. బ్యాగు ఊగకుండా పట్టుకోవడం వరకే దాని పని, బరువు మోయడం దానివల్ల కాదు. ట్రెక్కింగ్‌కి వెళ్ళేవాళ్ళకంటే గాలం వేసేవాళ్ళకు ఈ తేడా ఎక్కువ తెలుస్తుంది. ఎందుకంటే వీళ్ళ భుజానికి మోత కాక వేరే పని కూడా ఉంది. పొద్దుటి నుంచి పట్టీ కోసిన భుజంతోనే మళ్ళీ రాడ్ విసరాలి.

రెండోది వీపు కొలత. తల ముందుకు వంచితే మెడ అడుగున ఒక ఎముక పొడుచుకొస్తుంది, అది పై గుర్తు. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంటే బొటనవేళ్ళకు తగిలే తుంటి ఎముక పై అంచు, అది కింది గుర్తు. ఈ రెంటి మధ్య దూరం టేపుతో వెన్ను వెంబడి కొలిపించుకోండి. మనిషి ఎత్తును బట్టి దీన్ని ఊహించకూడదు. ఆరడుగుల మనిషికి పొట్టి వీపు, పొడవాటి కాళ్ళు ఉండొచ్చు. బ్యాగు పొడవు వీపుకు మించితే నడుము పట్టీ తుంటి దాటి కిందికి జారుతుంది. తక్కువైతే పొట్ట మీదికి ఎక్కి ఊపిరాడనివ్వదు. భుజం పట్టీలను పైకీ కిందికీ జరుపుకునే వీలున్న బ్యాగు దొరికితే ఈ గొడవ సగం తీరుతుంది, ఇంట్లో ఇద్దరు వాడుకోవచ్చు కూడా.

గాలం కోసమని ప్రత్యేకంగా కుట్టే బ్యాగుల్లో నాకు నచ్చనిది ఒకటుంది. ట్రేలు బల్లపరుపుగా పట్టాలని అడుగు భాగాన్ని పెట్టెలా వెడల్పు చేస్తారు, దాని మీద ముందు వైపుకు ఉబ్బెత్తు జేబులు తగిలిస్తారు. బరువు వీపుకు ఎంత దూరం జరిగితే అంతగా వెనక్కి లాగుతుంది. దానికి విరుగుడుగా మనిషి తెలియకుండానే ముందుకు వంగి నడుస్తాడు, రాత్రికి నడుం పట్టేస్తుంది. ట్రేలను పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టి వీపు వైపు పెట్టుకునే వీలున్నదే ఎంచుకోండి. సీసం డబ్బా, నీళ్ళు కూడా వీపుకు ఆనుకుని, వెన్ను మధ్య ఎత్తులో ఉండాలి. వాన కోటూ తువ్వాలూ ఎటు పడితే అటు పోనివ్వండి.

గాలి ఆడాలని వీపుకూ బ్యాగుకూ మధ్య వల బిగించి ఖాళీ వదిలే డిజైన్ ఒకటుంది. ఎండలో హాయిగా ఉంటుంది, చొక్కా అంటుకుపోదు. కానీ ఆ ఖాళీ మేరకు బరువు వెనక్కి జరిగినట్టే. నాలుగైదు కిలోల వరకు పర్వాలేదు, అంతకు మించితే వీపుకు అంటుకుని ఉండేదే నయం.

ఒక రోజుకు 25, 30 లీటర్లు పట్టే బ్యాగు సరిపోతుంది. రాత్రి అక్కడే పడుకునేట్టయితే 45 దాటాలి. "ఎందుకైనా మంచిది" అని పెద్దది కొంటే మాత్రం, ఖాళీ కనిపించిన చోటల్లా ఏదో ఒకటి కుక్కుతాం. అదీ మన వీపే మోయాలి.

రాడ్ పెట్టుకునే చోటు కూడా చూసుకోవాలి. ఏడడుగుల రాడ్ రెండు ముక్కలదైతే ఒక్కో ముక్క 107 సెంటీమీటర్లు. బ్యాగు పక్క జేబులో నిలబెడితే దాని కొన తలకంటే జానెడు పైకి లేచి ప్రతి కొమ్మకూ తగులుతుంది. కరెంటు తీగల కింద ఇది చిరాకుతో పోదు, కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది. ఉరుములప్పుడూ అంతే ప్రమాదం. నాలుగు ముక్కల రాడ్ అయితే ఒక్కో ముక్క 55 సెంటీమీటర్ల లోపే, బ్యాగును మించి పెద్దగా లేవదు. రెండు ముక్కలదే ఉంటే నడిచేటప్పుడు చేత్తో పట్టుకోవడమే మేలు.

భుజానికి అడ్డంగా వేసుకునేది

దీన్నే స్లింగ్ బ్యాగు అంటున్నారు. ఒకే పట్టీ, ఛాతీకి అడ్డంగా వస్తుంది. బ్యాగు వీపున ఉంటుంది, కావాలంటే ఒక్క లాగుతో ముందుకు తిరుగుతుంది. నీళ్ళలో నిలబడే లూరు మార్చుకోవచ్చు, తంగూసు కత్తిరించుకోవచ్చు, చేప నోట్లోంచి గాలం తీయడానికి ప్లయరు అందుకోవచ్చు. దేన్నీ బురదలో పెట్టక్కర్లేదు. వీపు బ్యాగుకు ఈ సుఖం లేదు. పది అడుగులకో విసురు వేస్తూ గట్టు వెంబడి సాగిపోయేవాళ్ళకు దీన్ని మించింది లేదనే చెప్తాను.

అయితే బరువు రెండు మూడు కిలోలు దాటిందో, మెడ ఒక పక్క పట్టేస్తుంది. రెండు ట్రేలు, ఒక చిన్న నీళ్ళ సీసా, వాన కోటు, అంతే దాని సత్తా. కొనేముందు పట్టీ ఏ భుజం మీదికి వస్తుందో చూడండి. కొన్ని ఒక భుజానికే పనికొచ్చేలా కుడతారు. కుడిచేత్తో విసిరేవాళ్ళకు పట్టీ ఎడమ భుజం మీద ఉంటే కుడి చేయి స్వేచ్ఛగా ఆడుతుంది. ఎడమచేతి వాటం వాళ్ళు రెండు వైపులా మార్చుకునేదే వెతుక్కోవాలి. చంక కింద నుంచి వచ్చే చిన్న ఆపు పట్టీ కూడా ఉండాలి. లేకపోతే చేపను అందుకోవడానికి వంగిన ప్రతిసారీ బ్యాగు జారి ముందుకొచ్చి నీళ్ళలో మునుగుతుంది.

నడుముకు కట్టుకునేది

భుజాలకు పూర్తి విశ్రాంతి, బరువంతా తుంటి మీదే. వినడానికి ఇదే అన్నిటికంటే బాగుంటుంది. చిక్కు నీటి లోతుతో వస్తుంది. తొడల దాకా దిగితే చాలు, అడుగు తడవడం మొదలవుతుంది. భుజం నుంచి ఒక సాయం పట్టీ ఉన్నవాటిని లోతు వచ్చినప్పుడు ఛాతీ దాకా ఎత్తి కట్టుకోవచ్చు. పట్టే సామాను స్లింగ్‌తో సమానమో, కొంచెం తక్కువో.

జేబుల కోటు, అదే ఫిషింగ్ వెస్ట్, సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. అన్నీ చేతికందుతాయి, బరువంతా మెడ మీద, ఎండలో ఉక్క. పెట్టెలాంటి స్టూలుతో కలిపి అమ్మే బ్యాగులు ఒకచోట కూర్చునేవాళ్ళకే. ఆ చట్రం బరువు కూడా మోయాలి కదా.

నీళ్ళు పట్టనిదా, మామూలు గుడ్డదా?

నోరు మడత పెట్టి బిగించే వాటర్‌ప్రూఫ్ బ్యాగులంటే ఇప్పుడు మోజు ఎక్కువ. నదిలో నడుం లోతు దిగేవాళ్ళకు, కయాక్ మీద వెళ్ళేవాళ్ళకు, కెరటాలు కొట్టే రాళ్ళ మీద నిలబడేవాళ్ళకు అవి తప్పవు. గట్టు మీద నిలబడేవాళ్ళకు మాత్రం వద్దనే అంటాను. నీళ్ళు లోపలికి రానివ్వనిది లోపలి తడిని బయటికీ పోనివ్వదు. తడిసిన కోటు ఒకటి పెట్టామంటే మిగతావన్నీ చెమ్మగిల్లుతాయి. పైగా ఒకటే నోరు. అడుగున ఉన్న డబ్బా కోసం ప్రతిసారీ మడతలు విప్పి, అన్నీ బయటపెట్టి, మళ్ళీ సర్ది, మళ్ళీ మడవాలి. అంతలో చేప తన దారిన తను పోతుంది.

దానికంటే మామూలు నైలాన్ బ్యాగు, లోపల ఫోనుకూ తాళాలకూ మారు బట్టలకూ ఐదు లీటర్ల చిన్న డ్రై బ్యాగు. పని జరిగిపోతుంది. గుడ్డ విషయంలో 420, 500 డీనియర్ నైలాన్ చాలు, రాళ్ళకు రాసుకునేట్టయితే 1000. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములుంటే అన్ని డీనియర్లు. లేబుల్ మీద ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకోవాలి. "వాటర్ రెసిస్టెంట్" అని మాత్రమే రాసి ఉంటే అది చినుకులకే. పూర్తిగా నీళ్ళు పట్టని జిప్పులు బిగుసుకుపోయి ఉంటాయి, వాటికి అప్పుడప్పుడూ జిప్పు గ్రీజు రాయాలి.

ఉప్పునీటి దగ్గర వాడే బ్యాగైతే లోహపు జిప్పులు వద్దు, లావు పళ్ళ ప్లాస్టిక్ జిప్పే మన్నుతుంది. ఇంటికి రాగానే జిప్పులూ బకిల్సూ మంచినీళ్ళతో కడగాలి. బ్యాగును తడిగా చుట్టి అటక మీద పడేస్తే లోపల నీళ్ళు దిగకుండా వేసే పీయూ (పాలీయురెథేన్) పూత కొన్నాళ్ళకు జిగటగా మారి పొరలు పొరలుగా ఊడుతుంది. బ్యాగు పాతబడిందని పారేయడానికి చాలాసార్లు కారణం ఇదే.

వల జేబులు చూడ్డానికి బాగుంటాయి గానీ మూడు కొక్కేల లూరు ఒక్కటి అందులో చిక్కుకుంటే కత్తెరతో వల కత్తిరించడమే దారి. నీళ్ళ సీసా పెట్టుకునే పక్క జేబు తప్ప ఇంకెక్కడా వల లేనిది చూడండి. ఒంటికి రాసుకునే దోమల మందులో డీట్ అనే రసాయనం ఉంటే అది కొన్ని రకాల ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ట్రేలకూ కళ్ళద్దాలకూ దూరంగా దానికో జేబు కేటాయించాలి. లోపలి గుడ్డ లేత రంగులో ఉంటే చీకట్లో పడిపోయిన చిన్న గాలం కూడా కనిపిస్తుంది.

ఏది కొనాలి?

రెండు కొనే వీలుంటే ఒకటి వీపుకు, ఒకటి భుజానికి. ఒక్కటే కొనాలంటే అసలైన నడుము పట్టీ ఉన్న 28 లీటర్ల వీపు బ్యాగు, ముందు భాగం పూర్తిగా తెరుచుకునేది. ఆ నడుము పట్టీకే అరచేయంత పౌచ్ ఒకటి తగిలించి అందులో ప్లయరు, తంగూసు కత్తెర, నాలుగు లూర్లు పెట్టుకుంటే స్లింగ్ ఇచ్చే సుఖంలో చాలా భాగం దొరికినట్టే. గాలం వేసేచోట బ్యాగు గట్టున దించేసి, పౌచ్ ఉన్న పట్టీని విడిగా ఊడదీసి నడుముకు కట్టుకునే మోడళ్ళు కూడా ఉన్నాయి. దొరికితే వదలొద్దు. గట్టు వెంట చురుగ్గా కదులుతూ, మొత్తం సామాను రెండు కిలోలు దాటనివాళ్ళకు మాత్రం వీపు బ్యాగు అనవసర భారం, వాళ్ళు స్లింగే తీసుకోవాలి.

ఏది తీసుకున్నా లైఫ్ జాకెట్‌తో కలిపి వేసుకుని చూడండి. గాలి నిండే రకం జాకెట్ మీదుగా బ్యాగు పట్టీలు బిగించకూడదు. అది ఉబ్బడానికి చోటుండదు, ఉబ్బితే ఛాతీని నొక్కేస్తుంది. పడవలో బ్యాగు ఒంటి మీద ఉంచుకోవద్దు. పారే నీరు దాటేటప్పుడు నడుము బకిల్, ఛాతీ బకిల్ రెండూ విప్పి దాటండి. కాలు జారితే బ్యాగును ఒక్క కుదుపుతో వదిలించుకోగలగాలి.

షాపుకి వెళ్ళేటప్పుడు మీ ట్రేలూ సీసం డబ్బా వెంట తీసుకెళ్ళండి. నిండు నీళ్ళ సీసాలు కూడా వేసి, ఆరు కిలోలు తూగేలా నింపి, పావుగంట అక్కడే అటూ ఇటూ తిరగండి. రాడ్ విసిరినట్టు చేయి పైకెత్తి వెనక్కి తిప్పండి, కింద చేప ఉన్నట్టు వంగండి, తడి చేతులతో బకిల్ విప్పి చూడండి. అమ్మేవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.