ఎత్తును బట్టి వేసుకున్న ఎడారి యాత్ర

ఎడారి అనగానే మా అత్తయ్యగారు పల్చటి కాటన్ చీరలన్నీ ఏరి సూట్‌కేసులో సర్దుకున్నారు. నాలుగో రోజు సాయంత్రం బ్రైస్ క్యాన్యన్ అంచున నా స్వెట్టర్, దాని మీద మా వారి జాకెట్ వేసుకుని, చేతులు చంకల్లో దాచుకుని నిలబడ్డారు. కాళ్ల కింద మంచు. సరిగ్గా మూడు రోజుల కిందట డెత్ వ్యాలీలో ఆవిడే తడి తువ్వాలు నెత్తిన వేసుకుని నీడ కోసం వెతుక్కున్నారు. వసంతంలో పశ్చిమ అమెరికాలోని ఈ ఎడారి నేషనల్ పార్కులకు పెద్దవాళ్లను, పిల్లలను తీసుకుని వెళ్లేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. మైళ్ల కన్నా ముందు ఎత్తు చూసుకోవాలి.

2024 మార్చి చివర్లో ఆరుగురం బయలుదేరాం. మేమిద్దరం, అత్తయ్యగారు, మామయ్యగారు, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, నాలుగో తరగతి చదివే బాబు. లాస్ వేగాస్‌లో విమానం దిగి డెత్ వ్యాలీలో ఒక రాత్రి, జయాన్ దగ్గర రెండు, బ్రైస్ దగ్గర ఒకటి, క్యాపిటల్ రీఫ్ దగ్గర రెండు, ఆర్చెస్, క్యాన్యన్‌ల్యాండ్స్ కోసం మోయాబ్ అనే ఊళ్లో మూడు. సాల్ట్ లేక్ సిటీలో కారు అప్పగించి ఇంటికి. మొత్తం తొమ్మిది రాత్రులు.

ప్లాన్ వేసేటప్పుడు మొదట అందరిలాగే దూరాలు, డ్రైవింగ్ గంటలు రాసుకున్నాను. తర్వాత పక్కన ఇంకో గడి గీసి ఎత్తులు రాశాను. డెత్ వ్యాలీలోని బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉంది. జయాన్ లోయ అడుగు సుమారు 4,000 అడుగులు, క్యాపిటల్ రీఫ్‌లో ఫ్రూటా 5,500 చిల్లర, బ్రైస్ అంచు 8,000 నుంచి 9,000 దాకా. వెయ్యి అడుగులు పైకి వెళ్తే సుమారు 3 నుంచి 5 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుందని లెక్క. ఈ గడి చూశాక బట్టలు, మందులు, ఎక్కడ ఎన్ని రాత్రులు ఉండాలి అన్నవన్నీ వాటంతటవే తేలిపోయాయి. అత్తయ్యగారి సూట్‌కేసు ఒక్కటే నేను చూడలేదు.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. కారుకి ప్రవేశ రుసుము అప్పట్లో జయాన్, బ్రైస్‌లలో 35 డాలర్ల చొప్పున, డెత్ వ్యాలీ, ఆర్చెస్, క్యాన్యన్‌ల్యాండ్స్‌లలో 30 చొప్పున, క్యాపిటల్ రీఫ్ సీనిక్ డ్రైవ్‌కి 20. కలిపితే 180. 80 డాలర్ల వార్షిక పాస్ తీసుకుంటే సగానికి పైగా మిగులుతుంది. మాకు అదీ ఖర్చు కాలేదు. నాలుగో తరగతి పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా పాస్ ఇస్తుంది, ఆ పిల్లాడితో కారులో ఉన్నవాళ్లందరికీ అదే చెల్లుతుంది. అప్పట్లో ఆన్‌లైన్‌లో వచ్చే కాగితాన్ని ప్రింట్ తీసుకునే వెళ్లాల్సి వచ్చేది, ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకునేవారు కాదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇప్పుడు ఇంకో విషయం చూసుకోవాలి. 2026 జనవరి నుంచి వార్షిక పాస్ అమెరికాలో ఉండేవాళ్లకు 80, బయటి దేశాలవాళ్లకు 250 డాలర్లు అయింది. జయాన్, బ్రైస్ సహా 11 పార్కుల్లో పాస్ లేని విదేశీ అతిథులకు, 16 ఏళ్లు నిండి ఉంటే, మనిషికి 100 డాలర్లు అదనం. బయలుదేరేముందు పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో మీ ఇంటి లెక్క సరిచూసుకోండి.

కారు దగ్గర మాత్రం మొదటి గంటలోనే టెన్షన్ పడ్డాం. మినీవ్యాన్ బుక్ చేస్తే, అద్దె కంపెనీవాళ్లు మూడు వరసల ఎస్‌యూవీ చూపించి ‘ఇదీ అదే’ అన్నారు. మూడో వరస వేస్తే వెనక రెండు బ్యాగులు కూడా పట్టవు. పైగా మామయ్యగారి మోకాళ్లతో అంత ఎత్తు రోజుకి పదిసార్లు ఎక్కి దిగడం అయ్యే పని కాదు. గంటన్నర కూర్చుని మినీవ్యాన్ తీసుకునే కదిలాం. అక్కడ మొహమాటపడి ఉంటే తొమ్మిది రోజులూ బాధపడేవాళ్లం.

డెత్ వ్యాలీకి వెళ్లేముందు పరంప్ అనే ఊళ్లో ట్యాంక్ నింపేశాం. పార్కు లోపల బంకులు ఉన్నాయి గానీ ధర బాగా ఎక్కువ. 2023 ఆగస్టు తుఫానుకు బ్యాడ్‌వాటర్‌లో కట్టిన చెరువు ఆ చలికాలం వానలకు మళ్లీ నిండింది. మేం వెళ్లేసరికి అది చాలావరకు తగ్గిపోయి తడి ఉప్పు మిగిలింది. బాబు మోకాళ్ల మీద కూర్చుని చూపుడువేలితో తాకి నాలుక మీద పెట్టుకున్నాడు. దగ్గర నుంచి చూస్తే అది తెల్లటి నేల కాదు. పలకలు పలకలుగా విడిపోయి, ప్రతి పలక అంచునా సన్నటి ఉప్పు పళ్లు లేచి ఉంటాయి. చెప్పు వేస్తే పటుక్కుమంటుంది, కింద బురద. అక్కడి నుంచి డాంటేస్ వ్యూకి వెళ్తే 5,475 అడుగుల ఎత్తు నుంచి అదే ఉప్పు మైదానం కనిపిస్తుంది. కింద ఉక్కపోసిన అత్తయ్యగారు పైన గాలికి కొంగు కప్పుకున్నారు. రాత్రి బస పార్కు లోపలే తీసుకున్నాం. గది మామూలుదే, రేటు మామూలుది కాదు. కానీ తెల్లవారుజామున పావుగంటలో జబ్రిస్కీ పాయింట్ అనే వ్యూ పాయింట్‌కి చేరుకోగలిగాం కాబట్టి నాకు నష్టం అనిపించలేదు. ఏప్రిల్ సగం దాటాక మాత్రం పెద్దవాళ్లను ఇక్కడికి తీసుకురాను. ఏప్రిల్‌లో పగటి ఉష్ణోగ్రత సగటున 90 ఫారెన్‌హీట్‌కి చేరుతుంది.

ప్లాన్‌లో నేను చేసిన తప్పు ఆ మర్నాటిది. డెత్ వ్యాలీ నుంచి జయాన్ దాకా సుమారు 290 మైళ్లు ఒకే రోజులో పెట్టాను. నెవాడా దాటి యూటా రాగానే గడియారం గంట ముందుకు పోతుందని ఆ లెక్కలో కలపలేదు. జయాన్ పక్కనే ఉన్న స్ప్రింగ్‌డేల్ ఊరు చేరేసరికి హోటళ్లలో వంటలు కట్టేసే వేళయింది. మామయ్యగారి కాళ్లు వాచాయి. మళ్లీ వెళ్తే మధ్యలో లాస్ వేగాస్‌లోనో సెయింట్ జార్జ్‌లోనో ఆగుతాను.

జయాన్‌లో డబ్బు ఖర్చుపెట్టాల్సింది బస మీదే. మార్చి నుంచి నవంబర్ దాకా లోయలోని రోడ్డు మీదికి సొంత కార్లు రానివ్వరు, ఉచిత షటిల్ బస్సులే. విజిటర్ సెంటర్ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. ముప్పై నలభై మైళ్ల అవతల హోటల్ చవగ్గా దొరుకుతుంది గానీ, రోజూ పొద్దున పార్కింగ్ కోసం పరిగెత్తాలి. మేం స్ప్రింగ్‌డేల్‌లో టౌన్ షటిల్ స్టాప్ ఎదురుగా గది తీసుకున్నాం. అక్కడ ఉన్నంతసేపూ కారు కదల్లేదు. మామయ్యగారు అలిసిపోగానే ఎప్పుడంటే అప్పుడు బస్సెక్కి గదికి వచ్చేసేవారు. ఆ వెసులుబాటు వల్లే ఆయన ధైర్యంగా రివర్‌సైడ్ వాక్ మొత్తం నడిచారు. రానూపోనూ 2.2 మైళ్లు, దారంతా చదును, పక్కనే వర్జిన్ నది. ఆ దారి చివర నీళ్లలోకి దిగి నడిచే నారోస్ మొదలవుతుంది. వసంతంలో మంచు కరిగి ప్రవాహం సెకనుకు 150 ఘనపుటడుగులు దాటితే దాన్ని మూసేస్తారు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని వెళ్లొద్దు. ఏంజెల్స్ ల్యాండింగ్ అనే కొండ కొస ఎక్కడానికి 2022 ఏప్రిల్ నుంచి లాటరీ పర్మిట్ ఉండాలి, మేం ప్రయత్నించలేదు.

బ్రైస్‌కి ఒక్క రాత్రి చాలు. అక్కడి రాతి స్తంభాలను చెక్కింది చలే. పగుళ్లలోకి దిగిన నీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బి, పగలు కరిగి, రాయిని కొద్దికొద్దిగా పగలగొడుతుంది. వాటిని చూడాలంటే ఆ చలి భరించాల్సిందే. సన్‌రైజ్, సన్‌సెట్ పాయింట్ల మధ్య అర మైలు తారు దారిని పెద్దవాళ్లకు వదిలి, పిల్లలతో నేను క్వీన్స్ గార్డెన్ దారిలో కొంత దూరం దిగాను. నీడపట్టున అడుగంతా జారుడు మంచు, సగంలో వెనక్కి వచ్చేశాం. ఆ ఎత్తులో మామయ్యగారికి మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. బీపీ మిషన్ వెంట ఉండటం మంచిదైంది. హోటల్లో హీటర్ రాత్రంతా మోత, పొద్దున టిఫిన్‌కి పొడవాటి లైను. అక్కడ అందరూ ఒక్క రాత్రి ఉండి పోయేవాళ్లే కాబట్టి పట్టించుకునేవాళ్లు లేరనిపించింది.

బ్రైస్ నుంచి క్యాపిటల్ రీఫ్‌కి వెళ్లే పన్నెండో నంబర్ హైవే మీద ఎస్కలాంటే అనే ఊరు దాటాక హాగ్‌బ్యాక్ అనే చోట రోడ్డుకి రెండు వైపులా లోయే. పిల్లలిద్దరికీ వాంతులు. మెలికలు మొదలవకముందే మందు వేసి ఉండాల్సింది.

క్యాపిటల్ రీఫ్ మా జాబితాలో నడుమ విశ్రాంతి కోసం పెట్టుకున్న చోటు. మా ఇంట్లో ఇప్పటికీ ఎక్కువగా చెప్పుకునేది దాని గురించే. ఎర్రటి కొండల మధ్య ఫ్రూటా అనే పాత పల్లె ఉంది. 1880ల్లో వచ్చి స్థిరపడిన మోర్మన్ కుటుంబాలు ఫ్రీమాంట్ నది నుంచి కాలువలు తవ్వి పండ్ల తోటలు వేశాయి. ఊరు పోయినా తోటలను పార్కువాళ్లు సాకుతున్నారు. మేం వెళ్లినప్పుడు చెట్లు పూత మీద ఉన్నాయి. అప్పటిదాకా ఏ లోయ చూపించినా ‘బాగుందమ్మా’ అని ఊరుకున్న మామయ్యగారు అక్కడ కారు ఆగీ ఆగకముందే దిగారు. నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి. నేరుగా కాలువ దగ్గరికి వెళ్లి, వంగి, నీళ్లు ఎటు మళ్లుతున్నాయో చూశారు. బాబుని పిలిచి, ‘ఇటు చూడు నాన్నా, ఇక్కడ మట్టి అడ్డం వేస్తే ఆ వరసకి పారుతుంది, తీసేస్తే ఈ వరసకి’ అని చూపించారు. ఒక చెట్టు మొదలు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. ‘ఇంత రాతిలో నీళ్లు తెచ్చుకున్నారంటే గట్టివాళ్లే’ అన్నారు. ఆ సాయంత్రం గిఫర్డ్ హౌస్ అనే పాత ఇంటి దుకాణంలో ‘పై’ అనే, పండ్లు కూరి కాల్చిన తీపి వంటకం కొని, తోట పక్క బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. అత్తయ్యగారికి తీపి ఎక్కువైంది, పిల్లలు ఆవిడ ముక్క కూడా లాగించేశారు.

అక్కడ టోరీ అనే ఊళ్లో వంటగది ఉన్న చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాం. ఆరుగురికి రెండు హోటల్ గదుల కన్నా తక్కువే పడింది. అన్నం, చారు, పెరుగు కడుపులో పడగానే పెద్దవాళ్ల ముఖాలు తేటపడ్డాయి. యాత్ర సగంలో వంటగది ఉన్న బస ఒకటి ఉండేలా చూసుకోండి. సరుకులు మాత్రం ముందే పెద్ద ఊళ్లో కొనుక్కోవాలి. నీళ్లు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ అని పార్కులవాళ్లు చెప్పే లెక్కే మేం పాటించాం, ఎక్కడా ఇబ్బంది పడలేదు. ఫోన్ సిగ్నల్ గంటల తరబడి ఉండదు కాబట్టి మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకున్నాం.

ప్రతి పార్కులోనూ పార్కువాళ్లు పిల్లలకిచ్చే జూనియర్ రేంజర్ పుస్తకాన్ని బాబు నింపాడు. మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఈ యాత్రలో అన్నిటికన్నా మేలైన సేవ అదే. రేంజర్ ప్రతి పేజీ తిరగేసి, ప్రశ్నలు అడిగి, కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. నేల మీద నల్లగా, పొక్కులు పొక్కులుగా కనిపించేది ఉత్త మట్టి కాదని, సూక్ష్మజీవులు అల్లిన ప్రాణమున్న పొర అని, ఒక్క అడుగు పడితే మళ్లీ అతుక్కోవడానికి ఏళ్లు పడుతుందని వాడికి అలాగే తెలిసింది. ఆ తర్వాత ఫొటో కోసం దారి తప్పి పక్కకి అడుగేసిన ప్రతిసారీ మమ్మల్ని వాడే వెనక్కి లాగాడు.

ఆర్చెస్‌కి ఆ ఏడు ఏప్రిల్ 1 నుంచి టైమ్ టికెట్, అంటే ఫలానా వేళకి లోపలికి వస్తామని ముందే చేసుకునే రిజర్వేషన్, కావాల్సి వచ్చింది. రిజర్వేషన్ రుసుము 2 డాలర్లు, మూడు నెలల ముందే తీసుకున్నాం. ఈ నిబంధన ఏటికేడూ మారుతోంది కాబట్టి మీరు వెళ్లే ఏడాదిది చూసుకోండి. క్యాన్యన్‌ల్యాండ్స్‌లో ఐలాండ్ ఇన్ ది స్కై వైపు ఒక్క పూట వెళ్లాం. గాలి విపరీతంగా ఉండటంతో పెద్దవాళ్లు కారులోంచే చూశారు.

ఆర్చెస్‌లో డెలికేట్ ఆర్చ్ అనే రాతి తోరణం దగ్గరికి వెళ్లి రావడం 3 మైళ్లు. నున్నటి రాతి మీద ఎక్కుడు, నీడ లేదు. అది మామయ్యగారి వల్ల కాదని ముందే తెలుసు. అందుకే కింది వ్యూ పాయింట్ వెతికి పెట్టుకున్నాను. పార్కింగ్ నుంచి వంద గజాలు, చదునైన దారి. అక్కడి నుంచి ఆర్చ్ మైలు దూరంలో చిన్నగా కనిపిస్తుంది. పెద్దవాళ్లతో నేను అక్కడ ఆగాను, మా వారు పిల్లలను తీసుకుని పైకి వెళ్లారు. అమ్మాయికి ఎర్ర జాకెట్ వేసి పంపించాం. గంటన్నర తర్వాత బైనాక్యులర్ పట్టుకున్న మామయ్యగారు, ‘అదిగో, ఎర్రగా, కాలు పక్కన’ అన్నారు. ఆర్చ్ పాదం దగ్గర ఒక ఎర్రటి చుక్క అటూ ఇటూ ఊగుతోంది. ఆయన తువ్వాలు తీసి తల మీదుగా ఊపడం మొదలుపెట్టారు.