సైడ్ స్కానా, మల్టీబీమా? గోదావరి మొగల్లో ఏది మేలు

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు సైడ్ స్కాన్ సోనార్‌తో, అంటే రెండు పక్కలకూ శబ్దం పంపి ప్రతిధ్వనితో అడుగును చూసే పరికరంతో గాలించారు. మనవైపు చాలామంది ఆ పేరు విన్నది అప్పుడే. వెతకడానికి అది సరైన పరికరమే. నీడలతో సహా అడుగు బొమ్మ ఇస్తుంది, కానీ లోతు చెప్పదు. లోతు అంకెలు కావాలంటే మల్టీబీమ్, అంటే పడవ కింద ఒకేసారి చాలా శబ్ద కిరణాలు పరిచి లోతు కొలిచే సోనార్.

హోప్ ఐలాండ్ లోపలివైపు కాకినాడ బేలో పని పడితే ముందు నీటి లోతు చూడండి. మల్టీబీమ్ 120 డిగ్రీల వెడల్పున చూసినా, కింద 4 మీటర్ల నీళ్లుంటే ఒక్కో లైనుకు (పడవ ఒకసారి సాగే దారికి) దక్కేది 14 మీటర్లే. పక్క లైనుతో కలవాలి కాబట్టి నికరంగా ఇంకా తక్కువ. సైడ్ స్కాన్ పరికరం అడుగుకు ఎంత ఎత్తులో ఉండాలంటే, రేంజిలో (ఒక పక్కకు చూసే దూరంలో) 10 నుంచి 20 శాతం. 3 మీటర్ల ఎత్తు దొరికితే 30 మీటర్ల రేంజి, రెండు పక్కలా కలిపి 60. సరిగ్గా పడవ కింద మాత్రం బొమ్మ పనికిరాదు, ఆ ఖాళీని పక్క లైను కప్పేలా గీసుకోవాలి. శబ్ద కిరణం (బీమ్) వెడల్పు 0.3 డిగ్రీలైతే 30 మీటర్ల దూరాన 16 సెంటీమీటర్లు, 100 మీటర్ల దూరాన అరమీటరు ఎడమున్న వస్తువులను విడదీస్తుంది. రేంజి పెంచితే పని త్వరగా అవుతుంది, చిన్న వస్తువు చేజారుతుంది.

వస్తువు ఎత్తు నీడే చెబుతుంది. నీడ పొడవును పరికరం ఎత్తుతో గుణించి, పరికరం నుంచి నీడ చివరిదాకా ఉన్న దూరంతో భాగించాలి. 4 మీటర్ల నీడ, 3 మీటర్ల ఎత్తు, 24 మీటర్ల దూరం అయితే అరమీటరు. బేలో సైడ్ స్కాన్‌ను కేబుల్ కట్టి లాగొద్దు, వలలకు తగులుకుంటుంది. పడవ ముందుభాగంలో పైపుకు బిగిస్తే ప్రొపెల్లర్ బుడగలు దూరం, జీపీఎస్ స్థానమూ కచ్చితం. పడవ ఊగుడు బొమ్మలోకి రావడం దీని ఖరీదు. వేగం 4 నాట్లు దాటకూడదు.

పోర్టు ఛానెల్ తవ్వకం, మొగల దగ్గర ఇసుక మేట, గాడిమొగ వైపు ఒడ్డెక్కే గ్యాస్ పైపులైను: ఇక్కడ మల్టీబీమ్ తప్పదు. నిరుటికీ ఇప్పటికీ ఎంత పూడిందో సైడ్ స్కాన్ బొమ్మ చూసి చెప్పలేం. అయితే బిగింపులో 1 డిగ్రీ రోల్ (పక్కకు వాలు) తప్పు ఉంటే, 10 మీటర్ల లోతులో బయటి అంచున 30 సెంటీమీటర్లు తేడా కొడుతుంది. పనికి ముందు ప్యాచ్ టెస్ట్, అంటే బిగింపు తప్పులు పట్టే పరీక్ష, చెయ్యాల్సిందే. రోల్‌కు చదునైన నేల చాలు. పిచ్ (ముందువెనకల వాలు), యా (దిశ మళ్లడం) చూడటానికి వాలున్న నేల కావాలి, మన చదును బురదలో ఛానెల్ గట్టే దిక్కు.

అసలు దెబ్బ తీసేది నీరే. ఆగస్టు వరదలో గౌతమి, వసిష్ఠ మొగల్లో పైన మంచినీరు, కింద ఉప్పునీరు. 28 డిగ్రీల వేడిలో శబ్దం మంచినీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్లు, సముద్రపు నీటిలో 1540. ఆ తేడాకి కిరణాలు వంగి, మల్టీబీమ్‌లో చదును నేల అంచులు వంకర పోతాయి. సైడ్ స్కాన్‌లో దూరపు అంచున అలల్లాంటి చారలొస్తాయి, గానీ వస్తువు ఇంకా కనబడుతుంది. శబ్దవేగం కొలిచే ప్రోబ్‌ను మొగ దగ్గర పోటుకీ పాటుకీ విడివిడిగా దించండి, రోజుకోసారి చాలదు. పరికరం అద్దెలో బేరమాడండి గానీ ఈ ప్రోబ్ దగ్గర వద్దు.

బురద ఇంకో చిక్కు. 400 కిలోహెర్ట్జ్ మల్టీబీమ్ గంజిలాంటి బురద పైపొరనే అడుగనుకుంటుంది, ఓడ దూసుకుపోగలిగిన చోట కూడా లోతు తక్కువని చూపిస్తుంది. పోర్టు పనికైతే, బురద పైపొరా కింది నేలా విడిగా తెలియడానికి, 33, 200 కిలోహెర్ట్జ్ రెండూ ఉన్న సింగిల్ బీమ్ (సరిగ్గా పడవ కిందే లోతు కొలిచేది) తోడుండాలి. బురదలో పూర్తిగా కూరుకున్న లంగరుకు సైడ్ స్కాన్, మల్టీబీమ్ రెండూ గుడ్డివే, ఇనుమును పసిగట్టే మాగ్నెటోమీటర్ వాడండి.

వరుస ప్రతిధ్వనులను కలిపి బొమ్మ కట్టే సింథటిక్ అపర్చర్ సోనార్ దూరంతో పనిలేకుండా కొన్ని సెంటీమీటర్ల పదును ఇస్తుంది. అయితే వాహనం తొణక్కుండా సూటిగా పోవాలి. కృష్ణా–గోదావరి బేసిన్ లోతు నీళ్లలో తనంతట తానే నడిచే నీటడుగు వాహనానికి సరే, బేలో మర పడవకు కాదు.

సైడ్ స్కాన్, మల్టీబీమ్‌లలో ఒక్కటే అద్దెకు తీసుకునే స్తోమత ఉంటే, వెతుకులాటకు సైడ్ స్కాన్ తీసుకుని, దొరికిన చోట్ల మాత్రం సింగిల్ బీమ్‌తో లోతు చూడండి. జనవరి తర్వాత, వరదనీరు తగ్గి గాలి నెమ్మదించిన రోజుల్లో, పొద్దున్నే బయల్దేరడం మంచిది.