లాగుడు రంపం మొద్దుబారింది: నూరాలా, బ్లేడు మార్చాలా?

కొమ్మలు కోసే మడత రంపం ఒకటి నా దగ్గర ఏళ్లుగా ఉంది. లాగినప్పుడే కోసే రకం. ఓ రోజు బొటనవేలంత కొమ్మ మీద పెడితే కోయడం మానేసి గీరడం మొదలుపెట్టింది. సరే, పదును పోయిందనుకుని ఆకురాయి తీసుకుని కూర్చున్నాను. గంటసేపు రుద్ది చూస్తే పళ్లు పళ్లలాగే ఉన్నాయి, అరిగింది ఆకురాయి!

అందుకే 'ఏది మేలు' అని ఎవరైనా అడిగితే ముందు పళ్లను వెలుగులో పెట్టి చూడమంటాను. బ్లేడంతా తెల్లగా మెరుస్తూ, పళ్ల కొసలు మాత్రం నీలంగానో నల్లగానో కమిలినట్టు కనిపిస్తే అవి గట్టిపరిచిన పళ్లు. తయారీలోనే కరెంటుతో కొసల్ని క్షణంలో ఎర్రగా కాల్చి, అంతే వేగంగా చల్లారనిస్తారు. దీన్ని ఇంపల్స్ హార్డెనింగ్ అంటారు. కొస రాయిలా గట్టిపడుతుంది, బ్లేడు వెన్ను మాత్రం స్ప్రింగులా వంగే గుణంతోనే ఉంటుంది. పైన పూత ఉన్న బ్లేడుల్లో ఈ రంగు కనిపించదు. అప్పుడు పిడి దగ్గరి చివరి పంటికి ఆకురాయి ఒక్కసారి తాకించండి. ఆ పన్ను ఎలాగూ పెద్దగా పనిచేయదు. ఆకురాయి గాజు మీద జారినట్టు జారితే గట్టి పన్ను. పట్టుకుని రజను రాలితే నూరుకోవచ్చు.

నూరడానికి వీలున్న బ్లేడైతే నూరడమే మేలు. కాకపోతే పని ఎంతుందో ముందే తెలుసుకోవాలి. ఈ రంపాల పళ్లను 30 మిల్లీమీటర్లకు ఇన్ని అని లెక్కపెట్టడం మామూలు. 8 పళ్లనుకుంటే 24 సెంటీమీటర్ల బ్లేడుకు 64 పళ్లు. జపాన్ తరహా పంటికి రెండు పక్కలా రెండు వాలులు, పైన కొస మీద మూడోది. మొత్తం 192 ముఖాలు! మామూలు మూడు పలకల ఆకురాయి ఆ ఇరుకు సందుల్లో పట్టదు. బలవంతంగా దూర్చితే పంటి ఆకారమే పాడవుతుంది. అంచులు పల్చగా ఉండే ఫెదర్ ఫైల్ కావాలి.

బ్లేడును రెండు చెక్కల మధ్య పెట్టి, పళ్లు మాత్రం పైకి తేలేలా బిగించాలి. మార్కర్ పెన్నుతో పళ్లన్నిటికీ రంగు పూస్తే ఏది నూరామో, ఏది మిగిలిందో తెలుస్తుంది. ఒక పన్ను విడిచి ఒక పన్ను, తోసేటప్పుడే ఒత్తిడి, ప్రతి పంటికీ అవే రెండు మూడు తోపులు. తర్వాత బ్లేడు తిప్పి రెండో వైపు. పైవాలు ఆఖర్న. ఒక పక్క ఎక్కువ నూరితే తర్వాత రంపం నిటారుగా దిగకుండా ఆ పక్కకే లాగుతుంది. మొదటిసారికి ఒక మధ్యాహ్నం పోయినట్టే. ఓపికుంటే బాగుంటుంది గానీ, లేనివాళ్లు మొదలుపెట్టకపోవడమే నయం.

గట్టి పళ్లకు డైమండ్ ఫైల్ ఉంది కదా అంటారు. పనిచేస్తుంది, కాదనను. కానీ గట్టిదనం ఉన్నది కొస దగ్గరే. నూరినకొద్దీ లోపలి మెత్తటి ఉక్కు దగ్గరవుతుంది, అక్కడికి చేరాక పెట్టిన పదును నాలుగు కొమ్మలకే పోతుంది. ఆ మోడల్ బ్లేడు ఇక దొరకదు అనుకున్నప్పుడే ఆ తిప్పలు పడతాను. గ్రైండర్ జోలికి మాత్రం వెళ్లను. పల్చటి బ్లేడు ఇట్టే వేడెక్కుతుంది, ఆ వేడికి పంటి గట్టిదనమే దిగిపోతుంది.

బ్లేడు మార్చడంలో చెప్పడానికి పెద్దగా లేదు. చాలా మడత రంపాలకు పిడి దగ్గర ఒకే స్క్రూ, పని ఐదు నిమిషాలు. చేతికి గ్లౌజులు వేసుకోండి, కొత్త పళ్లు చూసినంత మర్యాదగా ఉండవు. బ్లేడు అదే మోడల్‌ది కావాలి. ఒకే పొడవున్నంత మాత్రాన వేరే పిడిలో కూర్చోదు. స్క్రూ బిగించాక రంపం తెరిచి మూసి చూడండి. బ్లేడు పక్కలకు ఊగకూడదు, మడత పట్టేయనూ కూడదు.

బ్లేడు వంకరపోతే మాత్రం ఈ చర్చే అక్కర్లేదు. లాగినప్పుడు బ్లేడు సాగి నిటారుగా ఉంటుంది కాబట్టే దాన్ని అంత పల్చగా చేస్తారు. కోత మధ్యలో ఇరుక్కున్నప్పుడు తొందరపడి తోశామా, మడత పడుతుంది. సుత్తితో కొట్టి సరిచేసినా మునుపటిలా నడవదు, మార్చాల్సిందే. ఒకటి రెండు పళ్లు విరిగితే మాత్రం కంగారు పడొద్దు, మిగతావి లాక్కొస్తాయి.

ఇంతకీ ఆకురాయి పట్టే ముందు, డబ్బు తీసే ముందు, బ్లేడు కడిగారా? నా రంపం సంగతి చివరికి అదే. పచ్చి కొమ్మల బంక పళ్ల సందుల్లో ఎండి గడ్డకట్టింది. పొట్టు బయటికి పోయే దారి లేక రంపం గీరింది. టర్పెంటైన్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో వెన్ను వైపు నుంచి పళ్ల వైపుకు రుద్ది, తుడిచి, పల్చగా నూనె రాస్తే సగం పదును తిరిగొచ్చింది. మిగతా సగం నిజంగానే అరుగుదల. వెలుగులో పట్టుకుంటే కొసల మీద తెల్లటి చుక్కలు మెరుస్తూ కనిపించాయి. పదునైన కొస అలా మెరవదు. ఇంకో ఏడాది అలాగే లాగించి, ఆ తర్వాత బ్లేడు మార్చాను.

పాత బ్లేడు పారేయలేదు. మట్టిలో వేళ్లు కోయాల్సి వచ్చినప్పుడు దాన్నే బిగిస్తాను. ఇసుక తగిలితే కొత్త పళ్లు ఒక్క పూటలో పోతాయి, దీనికి ఇక పోయేదేముంది!