వ్యాపార పరిచయాల బృందంలో ఒక ఏడాది: కట్టిన రుసుము, వచ్చిన పని

విజయవాడలో మాది పెళ్లి కార్డులు, మిఠాయి డబ్బాలు, పచ్చళ్ల లేబుళ్లు అచ్చు వేసే ఒక మోస్తరు ప్రెస్సు. వారానికొకసారి ఉదయం ఏడు గంటలకు ఒక హోటల్లో సమావేశమయ్యే స్థానిక వ్యాపారుల బృందంలో గత సంవత్సరం సభ్యత్వం తీసుకున్నాను, ఇటీవలే రెండవ ఏడాదికి రుసుము చెల్లించాను. బృందం పేరు ఇక్కడ రాయడం లేదు; నేను చెప్పబోయే లోటుపాట్లలో సగం నావి, తక్కినవి ఈ పద్ధతిలో నడిచే బృందం దేనిలోనైనా ఎదురుకాగలవి.

ఒక వృత్తి నుంచి ఒక్కరికే చోటు ఇవ్వడం ఈ బృందానికి పునాది. ఈ ఆలోచన కొత్తది కాదు. 1905లో షికాగోలో న్యాయవాది పాల్ హారిస్ ఒక బొగ్గు వ్యాపారిని, ఒక గని ఇంజనీరును, ఒక దర్జీని కలుపుకొని రోటరీ క్లబ్బును ప్రారంభించినప్పుడు కూడా వృత్తికొకరు అన్నదే నియమం. వంతులవారీగా ఒక్కొక్కరి కార్యాలయంలో కలుసుకునేవారు గనుకనే దానికి రోటరీ, అంటే తిరిగేది, అన్న పేరు వచ్చింది. రోటరీ కాలక్రమంలో సేవాకార్యక్రమాల వైపు మళ్లగా, 1985లో కాలిఫోర్నియాలో ఐవన్ మైస్నర్ స్థాపించిన బీఎన్ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) పూర్తిగా వ్యాపారాన్నే లక్ష్యంగా పెట్టుకుంది. మా బృందం ఈ రెండింటిలో దేనికీ చెందదు, నడక మాత్రం అదే: ప్రతి సభ్యుడూ నిమిషం లోపు తన పని చెప్పుకోవాలి, వారానికొకరు కొంత విపులంగా ప్రసంగించాలి, తరువాత ఒకరికొకరు రిఫరల్ చీటీలు, అంటే పని అవసరమైన ఫలానా వారిని పరిచయం చేసే చీటీలు, ఇచ్చుకోవాలి, చివరికి ఎవరి ద్వారా ఎంత వ్యాపారం జరిగిందో లేచి నిలబడి ప్రకటించాలి. రాలేనివారు తమ బదులు మరొకరిని పంపాలి.

మొదటి నాలుగు నెలలు నేను చేసిందల్లా సమయానికి వెళ్లి, ఇడ్లీ తిని, “ప్రింటింగ్ పని ఏదైనా ఉంటే చెప్పండి” అని కూర్చోవడమే. ఆ నాలుగు నెలల్లో వచ్చినవి తోటి సభ్యుల విజిటింగ్ కార్డులు, ఒక బిల్లు పుస్తకం. “ఏదైనా” అని అడిగితే ఎవరినీ గుర్తుచేసుకోవలసిన అవసరం వినేవారికి ఉండదని అప్పటికి నాకు తట్టలేదు.

మార్పు మొదలైంది బృందంలోని ఆడిటర్ గారి కార్యాలయంలో. సమావేశానికి వెలుపల సభ్యులు ఇద్దరిద్దరుగా కూర్చుని మాట్లాడుకోవడాన్ని మావాళ్లు వన్ టు వన్ అంటారు; వారం వారం కనబడే మనిషితో మళ్లీ ప్రత్యేకంగా కూర్చోవడమేమిటని దానిని వాయిదా వేస్తూ వచ్చాను. ఆరోజు ఆయన నన్ను ఒక్కటే అడిగారు: “మీ దగ్గరికి వచ్చే కస్టమరు అంతకుముందు ఎవరి గడప తొక్కుతాడండీ?” ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవారు వ్యాపారం పెంచుకోదలచినప్పుడు ముందు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి కోసం, జీఎస్టీ నమోదు కోసం ఆయనలాంటివారి దగ్గరికే వెళతారు. 14 అంకెల లైసెన్సు నంబరు చేతికి వచ్చాక దానిని సీసా మీద ముద్రించక తప్పదు. అప్పుడు కావలసినది లేబులు. అంటే నా కస్టమరు నాకంటే ఎన్నో రోజుల ముందే ఆయనకు తెలుస్తున్నాడు. ఆ తరువాతి వారం నుంచి నా నిమిషంలో “కొత్తగా ఆహార లైసెన్సు తీసుకున్న పచ్చళ్ల తయారీదారు ఒక్కరిని పరిచయం చేయండి” అని మాత్రమే అడిగాను. ఈ ఏడాది నాకు నిలిచిన ఖాతాలలో అత్యధికం ఆ ఒక్క వాక్యం ద్వారా వచ్చినవే. ఇదే లెక్కన కల్యాణమండపం నిర్వాహకుడు, క్యాటరింగ్ చేసేవారు పెళ్లి కార్డులకు ముందు మెట్టు. వారితోనూ ఒక్కొక్క గంట కూర్చున్నాను.

ఇక ఇచ్చే రిఫరల్ విషయంలో నాకు చెయ్యి కాలింది. వారం వారం చీటీ ఇవ్వాలన్న ఒత్తిడిలో, పనితీరు చూడకుండానే ఒక సభ్యుడిని నా పాత కస్టమరుకు సిఫారసు చేశాను. పని నెలన్నర ఆలస్యమైంది. సంబంధం కుదిర్చిన పేరయ్యకు రెండు వైపులా అక్షింతలు పడినట్టే నాకూ పడ్డాయి. ఆనాటి నుంచి ముందు నా సొంత చిన్న పని ఒకటి చేయించుకుని, సంతృప్తి కలిగితేనే బయటివారికి పేరు చెబుతున్నాను. నా చీటీల సంఖ్య తగ్గింది, ఎవరెన్ని చీటీలు ఇచ్చారో చూపే బృందం పట్టికలో నా పేరు కిందికి దిగింది.

ఆ పట్టిక మీద, ప్రకటించే మొత్తాల మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. లక్ష రూపాయల ఆర్డరు వచ్చిందని చప్పట్లు కొడతాం, కానీ అందులో కాగితం, ఇంకు, కూలీ, లామినేషన్ పోగా మిగిలేదెంతో మా వృత్తిలో ఉన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. పైగా సభ్యులు ఒకరి దగ్గర ఒకరు కొనుక్కున్నదీ అదే మొత్తంలో కలుస్తుంది. ఒకే నోటు బల్ల చుట్టూ తిరిగితే ఊరి నుంచి కొత్త వ్యాపారం వచ్చినట్టు కాదు. అందుకే నేను వేరే పుస్తకంలో బయటివారి ఆర్డర్లు మాత్రమే, అదీ మిగులు మాత్రమే రాసుకుంటున్నాను.

ఎదురుగా ఖర్చు కూడా నిజాయితీగా రాయాలి. రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ, వారం వారం టిఫిను కనిపించే ఖర్చు. కనిపించనిది కాలం: వారానికి రెండు గంటలంటే ఏడాదికి నూరు గంటలు పైమాటే, వన్ టు వన్‌లు కలిపితే ఇంకా పెరుగుతుంది. నా పుస్తకం ప్రకారం ఎనిమిదో నెలలో రుసుము తిరిగి వచ్చింది. గంటల విలువ ఇంకా పూర్తిగా రాలేదు.

కాబట్టి అందరికీ ఇది సరిపడుతుందని అనలేను. దారిన పోయేవారి మీద ఆధారపడే కిరాణా కొట్టుకు, టిఫిను సెంటరుకు ఈ ఉదయపు వేళను షాపులో గడపడమే మేలు. నమ్మకం మీద పెద్ద మొత్తాలు చేతులు మారే పనులకు, అంటే ఇంటీరియర్లు, ఆడిటింగు, బీమా, ప్యాకేజింగు వంటివాటికి ఉపయోగం ఉంది. చేరే ముందు ఒకటి రెండుసార్లు విజిటరుగా వెళ్లి, మీ కస్టమరుకు ముందు మెట్టుగా ఉండే వృత్తులు ఆ గదిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. గత ఏడాది ఎందరు మానేశారో, ఎందుకు మానేశారో మొహమాటపడకుండా అడగండి. మా బృందంలో ఈ మానేసినవారి గురించిన ప్రశ్నకు నాకు సూటిగానే జవాబు వచ్చింది, అది వారి పక్షాన చెప్పవలసిన మాట.

ఈ బృందానికి అయిదు మార్కులకు మూడున్నర ఇస్తాను. నేను మొదటిసారి చేరింది మాఘమాసంలో, పెళ్లి కార్డులతో ప్రెస్సులో ఊపిరి సలపని రోజుల్లో; అది పొరపాటు. ఈసారి ముహూర్తాలు లేని ఆషాఢం కోసం ఎనిమిది మంది సభ్యుల దగ్గర వన్ టు వన్‌లకు ఇప్పుడే తేదీలు తీసుకుని పెట్టుకున్నాను.