గుంటూరు డీ-అడిక్షన్ కేంద్రంలో మహిళా వార్డు: 24 రోజులు ఉండి వచ్చిన కొన్ని నెలల తర్వాత రాస్తున్న సమీక్ష

అడ్మిషన్ ఫారంలో మొదటి గడిలోనే 'శ్రీ' అని అచ్చయి ఉంది. దాని కింద 'భార్య పేరు', ఆ కింద 'రోజుకు ఎన్ని క్వార్టర్లు'. కౌంటర్ దగ్గరున్న సిస్టర్ ఆ 'శ్రీ' పక్కన పెన్నుతో 'మతి' అని చేర్చి, భార్య అన్నచోట భర్త అని దిద్ది, క్వార్టర్ల గడి దగ్గరికి వచ్చేసరికి ఆగి మా అక్క ముఖంలోకి చూసింది. "తాగుడు కాదమ్మా, మాత్రలు. అల్ప్రాజోలం" అని అక్కే నెమ్మదిగా చెప్పింది. సిస్టర్ ఆ గడిలో అడ్డంగా గీత కొట్టి, పక్కన ఖాళీగా ఉన్న అంచులో మాత్ర పేరు రాసుకుంది. ఈ కేంద్రంలో మేము చూసిన మంచీ చెడూ చాలావరకు ఆ ఫారంలో ఉన్నట్టే ఉన్నాయి: మగవాళ్ల కోసం అచ్చు వేసినదాన్ని అక్కడి మనుషులు ఓపికగా దిద్దుకుంటూ ఆడవాళ్లకు సరిపెడుతున్నారు.

అక్కకు 47 ఏళ్లు. గర్భసంచి ఆపరేషన్ తర్వాత నిద్ర పట్టడం లేదంటే ఆరేళ్ల కిందట ఒక డాక్టరు పదిహేను రోజులకని రాసిచ్చిన అర మిల్లీగ్రాము మాత్ర, మేము ఇక్కడ చేర్చేనాటికి రోజుకు ఆరు మాత్రలైంది. కల్తీ కల్లులో కలుపుతారని పేపర్లలో చదివే మందూ, అక్క బియ్యం డబ్బాలో దాచుకుంటున్న మందూ ఒకటేనని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ మహిళా వార్డులో ఉన్నవి తొమ్మిది పడకలు. పేరు, నెల రాస్తే అక్కడున్న తొమ్మిది మందిలో ఎవరి గురించి రాశానో బంధువుల్లో సగం మంది చెప్పేయగలరు. పేరు లేకపోయినా, ఇలాంటి చోటును ఎంచుకునేటప్పుడు ఏం అడగాలో, ఏం చూడాలో తెలిస్తే చాలామందికి పనికొస్తుందని రాస్తున్నాను.

ఇక్కడికి రాకముందు విజయవాడ శివార్లలో మరో కేంద్రానికి వెళ్లాం. ఫోన్‌లో 'లేడీస్‌కి సెపరేట్' అన్నారు. తీరా వెళ్లి చూస్తే ఆఫీసు వెనక ఒక గది, దానికి బయట నుంచి గడియ. అక్కడి మేనేజరు అక్కతో ఒక్క మాటైనా మాట్లాడకుండా నన్ను చూసి "భర్త సంతకం కావాలండీ, నెల రోజులు ఎవరూ కలవకూడదు" అన్నాడు. బావగారు ఊళ్లో లేరు. ఉన్నా వచ్చేవారని నాకు నమ్మకం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే లెక్కలోకి తీసుకుంటుంది. మేజరైన మనిషి తన మంచిచెడులు తాను ఆలోచించుకోగల స్థితిలో ఉండి చికిత్స కోరితే తన సంతకంతోనే చేరవచ్చునని అదే చట్టం చెబుతుంది. భర్త సంతకం లేనిదే చేర్చుకోమనే మాట దానిలో ఎక్కడా లేదు. ఆ గడియ చూశాక అక్క నా చెయ్యి పట్టుకుని బయటకు నడిచింది.

గుంటూరులో మాత్రం పెన్ను అక్క చేతికే ఇచ్చారు. తానుగా చేరినవాళ్లు తామే డిశ్చార్జి అడగవచ్చునని, పరీక్ష కోసం డాక్టరు ఆపదలచుకుంటే 24 గంటలకు మించి ఆపరాదని చదివి వినిపించారు. సొంతంగా సంతకం చేయలేని స్థితిలో ఎవరినైనా కుటుంబసభ్యులు చేర్పిస్తే, ఆ రోగి స్త్రీ అయినప్పుడు మూడు రోజుల్లోగా, రోగుల హక్కులు చూసే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలియజేయాలన్న నిబంధన ఆ చట్టంలో ఉంది. ఆ నివేదికల ఫైలు ఉందా అని నేను అడిగితే లోపలి పేర్లు కనపడకుండా అట్ట చూపించారు. చూపించకపోయినా నేనేమీ చేయగలిగేవాణ్ని కాను గానీ, చూపించడం వల్ల ఆ రాత్రి కాస్త కళ్లు మూతపడ్డాయి.

చికిత్స విషయానికి వస్తే ఈ కేంద్రానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఇంట్లో మేము చేసిన మొదటి పొరపాటు, బియ్యం డబ్బాలోని స్ట్రిప్పులన్నీ తీసి ఒకేసారి డ్రైనేజీలో పారేయడం. రెండో రోజుకు అక్కకు చేతులు వణికి, చెమటలు పట్టి, గోడ మీద నీడలు కదులుతున్నాయని భయపడింది. ఆ సంగతి చెప్పగానే సైకియాట్రిస్ట్ నన్ను కాస్త గట్టిగానే మందలించారు: "మంచి పని చేశామనుకున్నారు. ఈ మాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఇది మెట్లు దిగినట్టు దిగాలి గానీ మేడ మీద నుంచి దూకినట్టు కాదు." అల్ప్రాజోలం ప్రభావం శరీరంలో తొందరగా దిగిపోతుంది కాబట్టి పూట పూటకూ ఒళ్లు దాన్నే అడుగుతుందని చెప్పి, ఎక్కువసేపు నిలిచే క్లోనాజెపామ్‌కు మార్చి, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా తగ్గించడం మొదలుపెట్టారు. నైట్ సిస్టర్ ఒక స్టీలు పళ్లెంలో మాత్ర పెట్టి, కొత్త బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి, మూడు ముక్కలు అక్క అరచేతిలో పోసి నాలుగోది కాగితంలో మడిచి దాచేది. అక్క ఆ నాలుగో ముక్క వైపు చూసే చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. 24 రోజుల్లో మాత్ర పూర్తిగా మాన్పిస్తామని వాళ్లు చెప్పలేదు. వార్డులో నిలకడకు తెస్తాం, మిగిలిన తగ్గింపు నెలల తరబడి ఇంటి దగ్గరే సాగాలన్నారు. 'పది రోజుల్లో గ్యారంటీ' అని గోడల మీద రాసుకునే చోట్లతో పోలిస్తే ఈ ఒక్క మాటకే వాళ్లను నమ్మాను.

అసలైన మేలు మరోచోట జరిగింది. నాలుగో రోజు డాక్టరు అక్కను, "రాత్రిళ్లు మెలకువ వచ్చినప్పుడు ఒళ్లంతా ఆవిర్లు వచ్చినట్టు ఉంటుందా? జాకెట్టు తడిసిపోతుందా?" అని అడిగారు. అక్క ఆశ్చర్యంగా ఔనంది. వెంటనే పాత ఆపరేషన్ కాగితాలు తెమ్మన్నారు. ఇంట్లో బీరువా అంతా వెతికి, పెళ్లి ఆల్బమ్ కింద దొరికిన డిశ్చార్జి సమ్మరీ తెచ్చి ఇస్తే అందులో ఉన్నది చదివి చెప్పారు: గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఆరేళ్లుగా ఆ విషయం అక్కకే తెలియదు. అండాశయాలు పోయిన మరునాటి నుంచే మెనోపాజ్ మొదలవుతుందని, ఆ ఆవిర్లూ చెమటలే నిద్రను చెడగొట్టాయని, ఇన్నేళ్లూ కారణాన్ని వదిలేసి నిద్ర మాత్రతో కప్పిపుచ్చారని డాక్టరు వివరించి గైనకాలజిస్టుకు చీటీ రాశారు. మన జిల్లాల్లో చిన్న వయసులోనే ఈ ఆపరేషన్ అయిన ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. నిద్ర మాత్రకు అలవాటుపడిన ఆడమనిషిని చేర్చుకునే ఏ కేంద్రమైనా ముందు అడగవలసిన ప్రశ్న ఇదేననిపించింది.

క్లాసుల గురించి అంత గొప్పగా చెప్పలేను. రోజూ పదకొండు గంటలకు హాల్లో అందరికీ కలిపి జరిగే క్లాసులో, జీతాల రోజున బ్రాందీ షాపు ఉన్న రోడ్డు మీదుగా ఇంటికి వెళ్లవద్దని, పాత స్నేహితుల ఫోన్లు ఎత్తవద్దని చెబుతారు. వంటింట్లో బియ్యం డబ్బా దాటి ఎక్కడికీ వెళ్లని మనిషికి ఆ సలహా ఎందుకు? హాలు గోడ మీద 'నాన్నా, తాగొద్దు' అని ఏడుస్తున్న పాప బొమ్మ ఉంది. దాని పక్కనే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమం గురించిన చార్టు, దానిలో రోశమ్మ పేరు. ఆ ఉద్యమం మీద నాకెంతో గౌరవం. అయితే మత్తు పేరెత్తగానే ఆడమనిషి చేతిలో చీపురుకట్ట కనిపించడానికే మన కళ్లు అలవాటుపడ్డాయి; ఆమె చేతిలోనే స్ట్రిప్పో సీసానో ఉండవచ్చునన్న ఊహకు ఆ గోడ మీద జాగా లేదు. 2019లో ఎయిమ్స్ వారు విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం మద్యం తీసుకునే మగవాళ్లు 27.3 శాతమైతే ఆడవాళ్లు 1.6 శాతం. ఆ తేడా చూసే ఫారాలు అలా అచ్చువేస్తారు కాబోలు. అదే సర్వేలో నిద్ర మాత్రల వంటి మత్తుమందులు వాడేవారు 1.08 శాతం, అంటే కోటికి పైమాటే. వారికోసం ఆ హాల్లో ఒక్క చార్టు కూడా లేదు.

సాయంత్రం నాలుగింటికి మహిళా కౌన్సెలర్ వార్డులోనే చాప వేసి పెట్టే గ్రూపు మాత్రం చాలా బాగుంది. ఆడవాళ్ల శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి మగవాళ్లు తాగినంతే తాగినా మద్యం వారి రక్తంలో ఎక్కువ గాఢతకు చేరుతుందని, కాలేయం త్వరగా దెబ్బతింటుందని ఆమె చేటలో బియ్యం పోసి చూపించినంత తేటగా చెప్పింది. చివరి పడక మీద రెండేళ్ల బిడ్డతో వచ్చిన అమ్మాయి ఒకరుండేది. మూడేళ్లలోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి నుంచి సాధారణంగా వేరుచేయకూడదన్నది చట్టం, ఇక్కడ వేరుచేయలేదు. బిడ్డకు మంచం మాత్రం లేదు, పాలు మేమే బయట నుంచి తెచ్చాం.

ఇక ఫిర్యాదులు. భద్రత పేరుతో బాత్రూముల లోపలి గడియలు తీసేశారు. ఎందుకో అర్థమవుతుంది, కానీ తలుపుకు కనీసం 'లోపల మనిషి ఉన్నారు' అనే బోర్డు తగిలించడానికి నేను మూడుసార్లు అడగవలసి వచ్చింది. మొదటి వారం రాత్రి డ్యూటీలో వరండాలో మగ వార్డుబాయ్ కూర్చున్నాడు. సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇస్తే రెండు రోజుల్లో ఆయాను వేశారు, అది మెచ్చుకోవాలి. అడగకముందు అక్కడ ఎందుకున్నాడన్నదానికి జవాబు లేదు. రోజుకు 1,800 రూపాయలన్న బిల్లులో థైరాయిడ్, కాలేయ పరీక్షలు రెండుసార్లు పడ్డాయి, చూపిస్తే తీసేశారు. బిల్లు వరుస వరుసా చదువుకోండి. తిండికి వంక పెట్టలేను. గోంగూర పచ్చడి నీళ్లగా ఉందని అక్క విసుక్కున్న రోజున మా అమ్మ సంతోషంతో కళ్లు తుడుచుకుంది, ఆరేళ్లలో అక్క రుచి గురించి మాట్లాడడం అదే మొదటిసారి.

శనివారం కుటుంబ సమావేశానికి అమ్మను తీసుకెళ్లాను. "నిద్ర మాత్రలే కదా నాయనా, మా పిల్ల తాగుబోతా ఏమన్నా? ఈ వార్డులో పడేశారని తెలిస్తే దాని కూతురికి సంబంధాలు వస్తాయా?" అని అమ్మ డాక్టరును నిలదీసింది. ఆయన విసుక్కోలేదు. "వస్తాయమ్మా. ఇక్కడి సంగతులు బయటకు చెప్పకపోవడం మా బాధ్యత, మీ అమ్మాయి ముందు ఆ మాట అనకపోవడం మీ బాధ్యత" అన్నారు. ఆ రోజే ఒక విషయం గమనించాను. కింది అంతస్తులో మగవాళ్ల పక్కన భార్యలున్నారు, క్యారేజీలు విప్పుతూ, కాళ్లు పడుతూ. పై అంతస్తులో తొమ్మిది పడకల పక్కన తల్లులు, అక్కచెల్లెళ్లు, నాలాంటి తమ్ముళ్లు ఇద్దరు. భర్త ఒక్కరే కనిపించారు, ఆయనా డిశ్చార్జి ఎప్పుడని అడగడానికి వచ్చారు. బావగారు 24 రోజుల్లో ఒకసారి ఫోన్ చేశారు. సమావేశానికి భర్త తప్పక రావాలని ఈ కేంద్రం గట్టిగా అడగదు. కింది అంతస్తులో భార్య రాకపోతే మాత్రం ఇంటికి ఫోన్ వెళుతుంది. కౌన్సెలర్‌తో ఈ మాటే అంటే, తానూ అదే పోరాడుతున్నానని చెప్పింది.

ఇంటికి వచ్చిన తర్వాత పదిహేను రోజులకొకసారి చూపించుకోవాలి. మధ్యలో ప్రతి బుధవారం కౌన్సెలర్ ఫోన్ చేస్తుంది, ఇంతవరకు ఒక్క వారం తప్పలేదు. మూడో నెలలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు అక్క ఆ ఊరి మెడికల్ షాపులో ఒక స్ట్రిప్పు కొనుక్కుని రెండు రోజుల్లో నాలుగు మాత్రలు వేసుకుంది. అల్ప్రాజోలం 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో, అంటే అమ్మకం మీద గట్టి ఆంక్షలున్న మందుల జాబితాలో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఆ షాపువాడు పేరు కూడా అడగలేదట. అక్క తానే ఆ విషయం బుధవారం ఫోన్‌లో చెప్పుకుంది. మళ్లీ అడ్మిట్ కమ్మని డబ్బు గుంజుతారేమోనని నేను భయపడ్డాను. డాక్టరు మోతాదును రెండు వారాల వెనకటి మెట్టుకు తీసుకెళ్లి, అక్కడి నుంచి మళ్లీ దిగుదామన్నారు, అంతే. ఇప్పుడు అక్క రాత్రిపూట పావు మాత్ర మీద ఉంది.

ఆదివారం సాయంత్రం పాత రోగుల సమావేశానికి వెళ్లమని నేను చెప్పను. మేము వెళ్లినప్పుడు నలభై మంది మగవాళ్లలో అక్క ఒక్కతే. మహిళలకు విడిగా పెట్టిన సమావేశం నలుగురు దాటక ఆగిపోయిందట. ఉదయం పూట పెట్టి చూస్తే వస్తారేమో, సాయంత్రం ఐదింటికి ఏ ఇంటి ఆడమనిషికి తీరిక ఉంటుంది?

చేర్చే ముందు సలహా కావాలనుకునేవారు మత్తు మాన్పించే సలహాల కోసం ఉచితంగా ఉన్న 14446 నంబరుకు గానీ, మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలి మానస్ 14416కు గానీ ఫోన్ చేయవచ్చు. మేము రెండోదానిలో తెలుగులోనే మాట్లాడాం. డబ్బు ఇబ్బంది ఉన్నవారు ముందుగా గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి సైకియాట్రీ ఓపీలో చూపించుకోవడం మంచిది. మేము అక్కను చేర్చిన కేంద్రంలో మహిళా సైకియాట్రిస్టు మంగళ, శుక్రవారాల్లో మాత్రమే వస్తారు. తొమ్మిదింటికి ముందే వెళ్లి టోకెన్ తీసుకుంటే మేడ మీద కూర్చోబెడతారు. ఆలస్యమైతే మధ్యాహ్నం దాకా కింద మగవాళ్ల వరుసలోనే కూర్చోవాలి. పాత ఆపరేషన్ కాగితాలుంటే తప్పకుండా పట్టుకెళ్లండి.