సొంతంగా చదువుకోవడానికి ఏ తెలుగు బైబిల్ కొనాలి?

డిసెంబరు వచ్చిందంటే ఒంగోలు, కందుకూరు, కావలి, నెల్లూరు బైబిల్ షాపుల్లో రద్దీ మొదలవుతుంది. క్రిస్మస్ బట్టలతో పాటే కొత్త బైబిల్ కొనుక్కునే ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. బాప్తిస్మం తీసుకున్నవాళ్లకి, కొత్తగా పెళ్లయినవాళ్లకి కూడా ఇదే ఇస్తారు. కొనేటప్పుడు మాత్రం చాలామంది కళ్లు కవరు మీదే ఉంటాయి. జిప్పు ఉందా, అంచులకి బంగారు రంగు ఉందా, చేతికి నిండుగా ఉందా అని చూస్తారు. ఆదివారం గుడికి పట్టుకెళ్లడానికి అవి చాలు. తెల్లవారుజామున ఇంట్లో ఒక్కరే కూర్చుని తెరిచేందుకు చాలవు. పాస్టరు గారి ప్రసంగం మీద ఆనుకున్న విశ్వాసం, ఆయన ఇంకో ఊరికి బదిలీ అయితే ఊగిపోతుంది. తానే వాక్యం చదివి, తానే మోకాళ్లూనిన మనిషికి ఆ ఇబ్బంది రాదు. అందుకే ఇక్కడ బైబిళ్లని ఒక్క కొలతతోనే చూస్తున్నాం: రోజూ ఒంటరిగా చదువుకోవడానికి ఏది నిలుస్తుంది, ఏది నిలవదు.

తీర్పు ముందే చెప్పేస్తే, కుట్టు బైండింగ్‌తో, పెద్ద అక్షరాలతో, వ్యాఖ్యానాలు లేకుండా, జిప్పు లేకుండా వచ్చే పాత అనువాదమే (ఓ.వి., అంటే ఓల్డ్ వెర్షన్) మొదటి బైబిల్‌గా కొనాలి. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ముద్రణల్లో ఈ రకం మామూలు కుటుంబానికి అందే ధరలోనే దొరుకుతుంది. గుళ్లో చదివేదీ, కంఠతా వాక్యాలుగా పిల్లలకి నేర్పేదీ, పాటల్లో వినిపించేదీ ఎక్కువగా ఈ అనువాదమే. కాబట్టి ఇంట్లో చదివిన మాటే గుళ్లోనూ చెవిన పడుతుంది, త్వరగా గుండెలో నిలుస్తుంది.

అక్షరం ఎంత పెద్దదని అడిగితే పాయింట్లలో చెబుతారు. తెలుగుకి ఆ లెక్క సగమే పనికొస్తుంది. మన లిపిలో వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. వరుసల మధ్య చోటు బిగిస్తే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడిని తాకుతుంది. అప్పుడు అక్షరం పెద్దదైనా కన్ను తడబడుతుంది. షాపులోనే పరీక్షించుకోవచ్చు. సంఖ్యాకాండము 36వ అధ్యాయం తెరిస్తే ‘స్వాస్థ్యము’ అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. మత్తయి 23లో ‘శాస్త్రులు’ వస్తుంది. ఈ రెండు పేజీల్లో అడుగు వత్తు విడిగా, స్పష్టంగా కనిపిస్తే మిగతా పుస్తకంతో ఇబ్బంది ఉండదు. చూసేటప్పుడు షాపు గుమ్మం దగ్గరి ఎండ వెలుతురులో కాకుండా లోపల ట్యూబులైటు కింద చూడండి. ఇంట్లో తెల్లవారుజామున ఉండేది ఆ వెలుతురే.

బైబిల్ కాగితం పలచన కాబట్టి వెనక పేజీ నీడ కొంత పడుతుంది. మంచి ముద్రణలో ముందు వరుస, వెనక వరుస ఒకదాని మీదొకటి సరిగ్గా కూర్చుంటాయి, అందువల్ల మధ్య ఖాళీ తెల్లగా ఉంటుంది. వరుసలు తప్పితే ఆ ఖాళీల్లో వెనక అక్షరాలు బూడిద రంగులో తేలతాయి. అరగంట చదివేసరికి తలనొప్పి వచ్చేది దీనివల్లే. ఇలాంటి బైబిల్‌ని యాభై దాటినవాళ్లకి కొనివ్వొద్దు.

బైండింగ్ చూడాలంటే పుస్తకాన్ని నిలబెట్టి వీపు పైఅంచు చూడండి. కాగితాలు చిన్న చిన్న మడతలుగా, ఫారాలు ఫారాలుగా కనిపిస్తే అది కుట్టు. ఒకే నున్నటి పట్టీలా ఉంటే వట్టి జిగురు. తర్వాత ఆదికాండము 1 దగ్గరా, ప్రకటన 22 దగ్గరా తెరిచి బల్ల మీద వదిలేయండి. కుట్టు బైండింగ్ ఉన్నది చాలావరకు తెరుచుకునే ఉంటుంది, జిగురుది మూసుకుపోతుంది. మన ఎండలకి జిగురు ఏళ్ల మీద గట్టిపడి పెళుసవుతుంది. ముందు ఆదికాండము, ప్రకటన పేజీలు ఊడతాయి. తర్వాత ఎక్కువగా తెరిచే కీర్తనల దగ్గర వీపు చీలుతుంది. కుట్టుదైనా కొన్న రోజే నడిమికి తెరిచి నొక్కకూడదు. ముందు నుంచి పది పదిహేను కాగితాలు, వెనక నుంచి పది పదిహేను కాగితాలు తీసి, లోపలి అంచుని వేలితో మెల్లగా నొక్కుతూ మధ్యకి రావాలి. అలా చేస్తే వీపు సమంగా వంగుతుంది.

ఇక జిప్పు. కావలి నుంచి చీరాల దాకా సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి లోహపు జిప్పు బిగుసుకుపోతుంది, మూల తిరిగే చోట మొదట చెడుతుంది. కొవ్వొత్తి రుద్దితే కొంతకాలం కదులుతుంది. దానికన్నా పెద్ద లోపం ఇంకొకటి. జిప్పు తీసి, సర్ది, తెరవాల్సిన పుస్తకాన్ని మనిషి రోజుకి నాలుగుసార్లు తెరవడు. బండి మీద వానలో వెళ్లేవాళ్లకి రక్షణ కావాలన్నది నిజమే, దానికి విడిగా గుడ్డ సంచీ చాలు.

నవంబరు తుపాను వానల్లో తడిస్తే ఎండలో పెట్టకండి. ఎండకి కాగితం ముడతలు పడి బిగుస్తుంది, రెక్సిన్ పొట్టు రేగుతుంది. ముందు పొడిగుడ్డతో పైతడి అద్ది, ఇరవై ముప్పై పేజీలకొకటి చొప్పున రంగులేని తెల్లకాగితం పెట్టి, ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. తడిసిన కాగితాలు గంట గంటకీ మార్చాలి. తడి పోయాక పైన బరువు పెట్టి ఒకటి రెండు రోజులు ఉంచాలి. అతుక్కున్న పేజీలని తడిగా ఉండగా లాగితే అక్షరాలు కూడా ఊడొస్తాయి. గోడగూట్లో పెట్టేవాళ్లు గోడకి ఆనించకుండా ముందుకి పెడితే చెదల భయం తగ్గుతుంది.

గీతలు గీసుకోవడానికి పెన్సిలే మేలు. జెల్ పెన్ను ఇంకు అవతలి పేజీకి దిగుతుంది, నీటి హైలైటర్ ఇంకా ఘోరం. వాక్యం పక్కన తేదీ, దేని కోసం ప్రార్థించారో రెండు మాటలు రాసుకుంటే చాలు. రెండేళ్ల తర్వాత అదే పేజీ తెరిచినప్పుడు, దేవుడు ఏది ఇచ్చాడో, దేనికి వద్దన్నాడో, దేనికి ఇంకా ఆగమంటున్నాడో కనిపిస్తుంది. విశ్వాసం బలపడేది ఇక్కడే.

వ్యాఖ్యానాలతో వచ్చే స్టడీ బైబిళ్లు ప్రసంగించేవాళ్లకి ఉపయోగం, కాదనలేం. మొదటి బైబిల్‌గా మాత్రం సిఫారసు చేయం. పేజీ కింద సగం నోట్సే ఉంటే కన్ను వాక్యం మీద ఆగకుండా కిందికి జారుతుంది. వాక్యం ఏమంటోందని అడిగితే, నోట్సు రాసినాయన ఏమన్నాడో చెప్పడం అలవాటవుతుంది. రిఫరెన్సులు (అదే సంగతి బైబిల్లో ఇంకెక్కడ ఉందో చూపే వచన సంఖ్యలు) మాత్రమే ఉన్న ముద్రణ అయితే హాయిగా తీసుకోవచ్చు. అది బైబిల్‌ని బైబిల్‌తోనే పోల్చి చూపిస్తుంది.

చదివే క్రమం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి బైబిళ్లు మూలన పడేది ఇక్కడే. మొత్తం 66 గ్రంథాలు, 1189 అధ్యాయాలు. రోజుకి మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. జనవరి 1న ఆదికాండముతో ఈ లెక్కన మొదలుపెడితే ఆదికాండము 50, నిర్గమకాండము 40 కలిపి 90 అధ్యాయాలు నాలుగు వారాల్లో అయిపోతాయి. నాలుగో వారంలో ఎక్కువగా ప్రత్యక్ష గుడారం కొలతలు, ఆ వెంటనే లేవీయకాండములో 27 అధ్యాయాల బలులు, శుద్ధి విధులు. ఎక్కువమంది ఆగిపోయేది సరిగ్గా అక్కడే. భక్తి తగ్గి కాదు, క్రమం సరిపోక. కొత్తవాళ్లు కొత్త నిబంధనతో మొదలుపెట్టడం మేలు. అందులో 260 అధ్యాయాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చదివితే సరిగ్గా 52 వారాలు. శనివారం ఒక కీర్తన. ముందుగా 16 అధ్యాయాల మార్కు సువార్త, తర్వాత యోహాను, ఆపైన ఫిలిప్పీయులకు రాసిన పత్రిక. సామెతలకి 31 అధ్యాయాలు కాబట్టి తేదీ చూసి ఆ అధ్యాయం తీయొచ్చు. 119వ కీర్తనలో 176 వచనాలు, ఎనిమిదేసి వచనాలుగా 22 భాగాలు, రోజుకొక భాగం చాలు. రోజులు తప్పితే బాకీ తీర్చాలని కూర్చోవద్దు. ఈ రోజుది చదివి ముందుకెళ్లండి. బాకీ పెరిగేకొద్దీ బైబిల్ చూస్తేనే బెరుకు పుడుతుంది, చివరికి మానేస్తారు.

ఓ.వి. వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, క్రియ ఎక్కడో చివర్న వస్తుంది. ఎఫెసీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయాన్ని కళ్లతో చదివితే చిక్కుపడుతుంది. కామా దగ్గర ఊపిరి తీసుకుంటూ పైకి చదివితే విడుతుంది. ఇంకా కష్టమనిపిస్తే సులభ అనువాదం పక్కన పెట్టుకోండి, కానీ దాన్ని రెండోదిగానే వాడండి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే వాగ్దానపు కార్డుని కూడా బైబిల్‌తో కలిపే చూడాలి. కార్డు మీద ఒక్క వచనం ఉంటుంది. దాన్ని తలుపు మీద అతికించే ముందు ఆ అధ్యాయమంతా చదవండి. యిర్మీయా 29:11 చాలా ఇళ్ల గోడల మీద ఉంది. అది బబులోనుకి చెరగా పోయినవాళ్లకి రాసిన ఉత్తరంలోని మాట. దానికి ముందు వచనంలోనే డెబ్బై సంవత్సరాలు గడవాలని ఉంది. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని పైన ఉంది. ఫిలిప్పీయులు 4:13 కూడా అంతే. సమస్తం చేయగలనన్న పౌలు, ఆ ముందు వచనంలో ఆకలితో ఉండటమూ నేర్చుకున్నానంటాడు. ఇది తెలిసినవాడు మార్చిలో ఉద్యోగం రాకపోతే దేవుడు మాట తప్పాడని అనుకోడు. రొయ్యల చెరువుకి తెల్లమచ్చ తెగులు వచ్చి పంట మొత్తం పోయిన కుటుంబానికి హబక్కూకు మూడో అధ్యాయం చివరి వచనాలు చదివిపెట్టండి. చెట్లు కాపు కాయకపోయినా, దొడ్లో పశువులు లేకపోయినా యెహోవాయందు ఆనందిస్తానన్న మాట అక్కడ ఉంది. నమ్మలేకపోతున్నానని బాధపడేవాళ్లకి మార్కు 9వ అధ్యాయంలోని తండ్రి ఉన్నాడు. నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకం గురించి సహాయం అడిగాడు. యేసు అతన్ని వెనక్కి పంపలేదు.

ఎవరికి వారే నమ్మి నిలబడాలన్న మాట మన ప్రాంతానికి కొత్త కాదు. 1854 జనవరి 1 ఉదయం ఒంగోలు కొండ మీద ప్రార్థించింది ఐదుగురే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జూయెట్ దంపతులూ ముగ్గురు తెలుగు విశ్వాసులూ. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించిన ఒంగోలు మిషనరీ క్లౌ, సాయం అందుతున్న రోజుల్లో బాప్తిస్మం ఇవ్వకుండా ఆపాడు. అన్నం కోసం కాకుండా నమ్మి రావాలన్నదే ఆయన పట్టు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. వాక్యం చెవితోనే లోపలికి వెళ్లింది.

ఆ లెక్కన ఆడియో బైబిల్‌ని చిన్నచూపు చూడనక్కర్లేదు. చదువు రాని పెద్దవాళ్లకి, పొగాకు బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టం) దగ్గరా చెరువుల మీదా రాత్రి కాపలా ఉండేవాళ్లకి ఇది సరైన కొనుగోలు. చిన్న ప్లేయర్ కొనేటప్పుడు నాలుగు సంగతులు అక్కడే నొక్కి చూడండి. ఆపిన చోట నుంచే మళ్లీ మొదలవుతుందా? మొదలవకపోతే రోజూ మత్తయి మొదటి అధ్యాయం వంశావళే వినాల్సి వస్తుంది. అధ్యాయం మార్చే బటను చీకట్లో వేలికి తెలుస్తుందా? వెనక సంగీతం గొంతుని మింగేస్తోందా? వినికిడి తగ్గినవాళ్లకి సంగీతం లేని రికార్డింగే తీసుకోవాలి. మెమరీ కార్డు బయటికొస్తుందా? వస్తే ఇంకో కాపీ చేసి దాచుకోవచ్చు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకి రెండు భాషల బైబిల్ కొంటుంటారు. రెండు భాషలూ ఒకే పేజీలో పట్టించడానికి అక్షరం చిన్నది చేస్తారు, బరువు మాత్రం పెరుగుతుంది. పిల్లలు తేలికైన ఇంగ్లీషు వైపే చదువుకుని తెలుగు వైపు వదిలేస్తారు. అంతకన్నా మామూలు ఓ.వి. చేతికిచ్చి, ఫోన్లో ఉచితంగా దొరికే తెలుగు ఆడియోని అదే అధ్యాయం దగ్గర పెట్టండి. వింటూ వేలితో వరుస వెంట పోతే కొన్ని నెలల్లో చదువు సాఫీ అవుతుంది. రోజుకి ఒక్క అధ్యాయం మించి వద్దు, మార్కు సువార్తతో మొదలుపెట్టండి.