ఒక్క స్టార్ తీసేసి మళ్ళీ రాస్తున్నాను: మా వైపు కుక్కల షెల్టర్ గురించి

2024 జూన్‌లో ఈ షెల్టర్‌కి నేను ఒక్క స్టార్ ఇచ్చాను. "ఫోన్ ఎత్తరు, బండి పంపరు, పేరుకే రెస్క్యూ" అని రాశాను. నిన్న రాత్రి అది తీసేశాను. ఏడాదిన్నరగా దాదాపు ప్రతి ఆదివారం అక్కడికి వెళ్తున్నాను. అప్పుడు కోపంలో రాశాను, ఇప్పుడు చూసి రాస్తున్నాను.

పేరు, అడ్రస్ రాయడం లేదు, షెల్టర్ నడిపే అక్క వద్దంది. అడ్రస్ ఎక్కడైనా బయటపడిందంటే వారం తిరిగేసరికి గేటు ముందు అట్టపెట్టెలో కుక్కపిల్లలు ఉంటాయి. ఒక రోజు తెల్లారేసరికి వానలో నానిపోయిన పెట్టె ఉంది, అందులో 5 పిల్లలు, ఇంకా కళ్ళు కూడా తెరవనివి. కుక్కపిల్ల కళ్ళు తెరవడానికి దాదాపు 2 వారాలు పడుతుంది, అప్పటిదాకా రాత్రీ పగలూ 2, 3 గంటలకోసారి పాలు పట్టాలి, తడిగుడ్డతో కింద తుడిస్తే తప్ప మూత్రం కూడా పోసుకోలేవు, ఇవన్నీ తల్లి చేసే పనులు. తల్లిని వదిలేసి పిల్లల్ని మాత్రం తెచ్చి పెట్టినవాళ్ళు మంచిపని చేశామనే అనుకుని ఉంటారు. కాబట్టి హైదరాబాద్ శివార్లలో ఘట్‌కేసర్ దాటాక అద్దెకు తీసుకున్న స్థలం, నాలుగు రేకుల షెడ్లు, ఒక బోరు, అంతవరకే చెప్తాను.

నా కోపం ఎలా మొదలైందో ముందు చెప్పాలి. మా వీధి చివర టిఫిన్ బండి దగ్గర ఉండే ఎర్ర కుక్కని ఒక ట్రాలీ ఆటో గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది. అది వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ రోడ్డు పక్కకి పాకుతుంటే చుట్టూ జనం, ఎవరికీ ఏం చెయ్యాలో తెలియదు. ఎవరో ఇచ్చిన ఈ నంబర్‌కి 11 సార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. 40 నిమిషాల తర్వాత ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. "తమ్మీ, వెనక కాలి వేళ్ళు గట్టిగ గిల్లి చూడు, అరుస్తదా, మళ్ళి చూస్తదా చెప్పు. ముందుగాల మూతికి చున్నీ కట్టు, నొప్పిల ఉన్న కుక్క అన్నం పెట్టినోళ్ళనైనా కరుస్తది. చేతుల మీద ఎత్తకు, గోనెసంచి మీదికి జరిపి నలుగురు నాలుగు కొసలు పట్టుకోండ్రి, ఆటోల తీసుకురా." మీరు రారా అని అడిగితే రాలేను అంది. ఇంకో మాట లేదు.

ఆటోవాడు 700 తీసుకున్నాడు. గేటు దగ్గరే అక్క షరతు పెట్టింది: నయమయ్యాక ఈ కుక్కని నువ్వే వచ్చి తీసుకెళ్ళి అదే వీధిలో వదలాలి, ఒప్పుకుంటేనే లోపలికి. నాకు ఒళ్ళు మండింది. రెస్క్యూ అని బోర్డు పెట్టి మళ్ళీ రోడ్డు మీదికే పంపుతారా అనుకున్నాను, ఆ రాత్రే ఇంటికొచ్చి ఆ ఒక్క స్టార్ కొట్టాను.

ఆ రెండిటికీ కారణాలు నాకు నెలల తర్వాత తెలిశాయి, అవి కూడా ఆవిడ చెప్పగా కాదు. ఫోన్ ఎందుకు ఎత్తలేదో అదే ఏడాది అక్టోబర్‌లో అర్థమైంది. అప్పటికి ఎర్రకుక్కని చూడ్డానికి వెళ్ళి వెళ్ళి నాకు అక్కడ పని అలవాటైంది, ఉదయం 5 గంటలకి కట్టెల పొయ్యి మీద నూకలు, కోడి కాళ్ళు, మెడలు, గుమ్మడికాయ, పసుపు వేసి పెద్ద గుండిగలో ఉడికిస్తారు, నేను గరిటె తిప్పేవాణ్ణి. ఒక వారం 7 పిల్లలకి పార్వో వచ్చింది. తెలియనివాళ్ళకి చెప్తున్నాను, పార్వో పేగుల్ని నాశనం చేసే వైరస్, వాంతులు, రక్తంతో విరేచనాలు, ఆ వాసన ఒకసారి చూస్తే మర్చిపోలేం. వైరస్‌ని చంపే మందు అక్కడ లేదు. సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, వేరే ఇన్‌ఫెక్షన్ రాకుండా చూస్తూ 5 నుంచి 7 రోజులు నిలబెట్టగలిగితే బతుకుతుంది. ఒక పిల్ల కాలు కదిలిస్తే సూది జారిపోతుంది, కాలు వాస్తుంది, మళ్ళీ నరం వెతకాలి, ఆ కాలు నా బొటనవేలంత కూడా ఉండదు. ఒక రాత్రి నేను తోడున్నాను. అక్క ఒళ్ళో ఒక పిల్ల, కుడివైపు రెండు, పక్కన స్టూలు మీద ఫోన్ మోగుతూనే ఉంది, నేను చూస్తుండగా 2 గంటల్లో 19 కాల్స్ వచ్చాయి. ఎత్తడానికి చెయ్యి ఎక్కడిది? జూన్‌లో నేను 11 సార్లు చేసిన రోజు కూడా ఇలాగే ఉండి ఉంటుందని అప్పుడు తట్టింది, అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆ 7 పిల్లల్లో 5 చనిపోయాయి, 2 బతికాయి. అక్క దగ్గర ఒక పొడుగు లెక్కల పుస్తకం ఉంది, వచ్చిన ప్రతి ప్రాణికీ తేదీ, పేరు, ఎక్కడ దొరికింది, ఏ టీకా పడింది, అన్నీ అందులోనే. పోయినవాటి దగ్గర మాత్రం ఒక వాక్యం ఎక్కువ రాస్తుంది. "పెరుగన్నం ఇష్టం." "చీపురు చూస్తే భయం." "నా చెప్పు మీద పడుకునేది." ఆ రోజు 5 వాక్యాలు రాసి, పుస్తకం మూసి, బ్లీచింగ్ కలిపిన బకెట్ తీసుకుని గది కడగడానికి వెళ్ళింది, ఎందుకంటే ఆ వైరస్ ఫినాయిల్‌కి చావదు, నేలలో నెలల తరబడి ఉంటుంది, ఏడుస్తూ కూర్చుంటే పక్క గదిలో పిల్లలకి అంటుకుంటుంది. ఇలాంటి పని చేసేవాళ్ళకి ఏడవడానికి కూడా టైం దొరకదని నేను అంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు.

వారానికి రెండుసార్లు వచ్చే పశువుల డాక్టర్ గారు ఒకసారి టీ తాగుతూ చెప్పారు, దీన్ని కంపాషన్ ఫెటీగ్ అంటారట, 1992లో ఆసుపత్రి నర్సుల గురించి రాస్తూ వాడిన మాట, జాలిపడీ జాలిపడీ మనిషి లోపల ఎండిపోవడం. పశువైద్యుల్లోనూ ఎక్కువేనట, ఎందుకంటే ప్రాణం కాపాడే చేత్తోనే నిద్రపుచ్చే ఇంజెక్షన్ కూడా ఇవ్వాలి. డిస్టెంపర్ (నరాలకి కూడా పాకే కుక్కల వైరస్ జబ్బు) ముదిరి, దవడ ఆగకుండా కొట్టుకుంటూ, గంటకోసారి ఫిట్స్ వస్తున్న ఒక కుక్కకి అలా చెయ్యాల్సి వచ్చింది. నిర్ణయం డాక్టర్ గారూ అక్కా కలిసి తీసుకున్నారు, తల మాత్రం అక్క ఒళ్ళోనే ఉంది. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం గుండిగ కడుగుతూ, "రెండు దినాలు ముందు చేస్తే గంత బాధ పడకపోవు, నాకే మనసొప్పలే" అంది. తొందరపడ్డానా, ఆలస్యం చేశానా అనే లెక్క ఆవిడకి ఎప్పటికీ తెగదు.

ఇక మనుషులు. ఇది రాయడం నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది. అక్క ఫోన్ ఒకసారి నా చేతికిచ్చి మెసేజ్‌లు చూడమంది. అర్ధరాత్రి 2 గంటలకి రక్తం వీడియోలు, కింద "వెంటనే రండి", లొకేషన్ ఉండదు. "మీరు రాలేదు, చచ్చిపోయింది, ఆ ఉసురు మీకే." "కుక్కల పేరు చెప్పి తింటున్నారు." ఇల్లు మారుతున్నాం, మా లాబ్రడార్‌ని ఉంచుకోండి, లేకపోతే రింగ్ రోడ్డు మీద వదిలేస్తాం అని ఒక పెద్దమనిషి. వీటి మధ్యలో నా ఒక్క స్టార్ స్క్రీన్‌షాట్ కూడా ఉంది, ఎవరో పంపారు. నా పేరు అందులో ఉంది. అంటే ఆవిడకి మొదటి నుంచీ తెలుసు, తెలిసే నాకు టీ పోసింది, గరిటె ఇచ్చింది. క్షమించమని అడిగితే, "తెలుసు తమ్మీ. నువ్వు కుక్కనైతే తెచ్చినవ్ గదా" అని పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు వీధికుక్కల దాడిలో చనిపోయిన వారం గురించి కూడా అక్కే చెప్పింది. ఆ వీడియో చూసి రెండు రోజులు అన్నం తినలేకపోయిందట, అదే సమయంలో గేటు ముందుకి జనం వచ్చి నీలాంటోళ్ళ వల్లే అని తిట్టారట. బిడ్డ పోయిన దుఃఖం, కుక్కల మీద పడబోయే కర్రల భయం, రెండూ ఒకే మనిషిలో ఉంటాయని ఎవరూ నమ్మరు. ఆ నెల నుంచే ఆవిడ కొత్త కుక్కల్ని తీసుకోవడం తగ్గించి, డబ్బులో ఎక్కువ భాగం కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి, రేబిస్ టీకాలకి మళ్ళించింది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కల్ని పట్టి షెల్టర్లలోనే ఉంచాలని సుప్రీంకోర్టు ఆర్డర్ వచ్చినప్పుడు ఇక్కడ మళ్ళీ అదే టెన్షన్, మా కాలనీ కుక్కలన్నీ రేపే తీసుకుపొమ్మని ఫోన్లు. 22న ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని మార్చింది. రేబిస్ ఉన్నవి, ఉందని అనుమానం ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలాలని చెప్పింది.

నాకు గేటు దగ్గర అక్క పెట్టిన షరతు కూడా సరిగ్గా అదే. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు చెప్పేదీ అదే. ఒక వీధిలోని కుక్కల్ని ఖాళీ చేస్తే, ఆ వీధి చెత్తకుండీ దగ్గరికి ఆపరేషన్ కాని, టీకా పడని కొత్త కుక్కలు వస్తాయి. ఉన్నదాన్నే తిరిగి పెడితే అది వేరేవాటిని రానివ్వదు, పిల్లల్ని కనదు. పైగా 60 కుక్కలకి సరిపోయే షెడ్లలో ఆ రోజు 74 ఉన్నాయి. ఆవిడ "సరే" అనే ప్రతిసారీ లోపల ఉన్న 74 కుక్కల జాగా, తిండి, మందు కొంచెం తగ్గుతాయి. కాదని చెప్పగలగడం వల్లే ఆ చోటు నడుస్తోంది, ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆవిడకి ఆ రాత్రి నిద్ర ఉండదు, ఇది నేను చూశాను.

లోపాలు రాయకపోతే ఇది రివ్యూ కాదు. కొత్తగా వచ్చినవాటిని విడిగా ఉంచే గది ఒక్కటే ఉంది, అది పిల్లల షెడ్‌కి మరీ దగ్గర, పార్వో పాకడానికి అది కూడా ఒక కారణమని డాక్టర్ గారే అన్నారు. విరాళాల లెక్క పెడతారు గానీ రెండు మూడు నెలలు ఆలస్యంగా పెడతారు, అనుమానించేవాళ్ళకి అవకాశం అక్కడే దొరుకుతుంది. దత్తత ఇచ్చేటప్పుడు అడిగే ప్రశ్నలు చాలామందికి అవమానంగా అనిపిస్తాయి, ఇంటి ఓనర్ ఒప్పుకున్నాడా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, మేడ మీద కట్టేస్తారా అని అడుగుతారు, ఇంటికి వచ్చి చూస్తారు కూడా. నాకైతే అది లోపంగా అనిపించలేదు. అసలు లోపం వేరే ఉంది. సెలైన్ పెట్టడం, ఎవరిని లోపలికి తీసుకోవాలో తేల్చడం, డాక్టర్‌తో మాట్లాడటం, అన్నీ అక్క ఒక్కతే. ఆవిడకి డెంగీ వచ్చిన 9 రోజులు షెల్టర్ సగం ఆగిపోయింది. వేరేవాళ్ళకి అప్పగించదు, నమ్మకం లేక కాదు, తప్పు జరిగితే ఆ బాధ ఇంకొకరు మొయ్యకూడదని. సంక్రాంతికి గాలిపటాల మాంజా కోసుకుని గాయపడిన పక్షులు వస్తాయని, దీపావళికి టపాసుల భయంతో కుక్కలు గోడలు దూకుతాయని ఆవిడ ఆరేళ్ళుగా పండక్కి పుట్టింటికి వెళ్ళలేదు. ఇది మారాలి అక్కా, నువ్వు ఇది చదువుతావని తెలిసే రాస్తున్నాను.

మరి ఆవిడకి దీనివల్ల ఏం దొరుకుతుంది అంటే, నేను అనుకున్నది వేరు, ఆవిడ చెప్పింది వేరు. మరిగే నూనె పడి వీపు కాలిన ఒక కుక్క నాలుగు నెలలు మంచం కింద నుంచి బయటికి రాలేదు, ఎవరూ లేనప్పుడే తినేది, ఒక మధ్యాహ్నం అక్క కునుకు తీస్తుంటే వచ్చి కాళ్ళ దగ్గర పడుకుంది. కదిలితే పోతుందేమోనని కాళ్ళు తిమ్మిరెక్కినా ఆవిడ గంటన్నర అలాగే ఉంది. నేను అదే పెద్ద సంతోషం అనుకున్నాను. ఆవిడ మాత్రం ఒకసారి నన్ను బండి ఎక్కించుకుని పక్క బస్తీకి తీసుకెళ్ళి, "ఏం కనబడ్తలేదు గదా?" అని అడిగింది. ఎడమ చెవి కొస కత్తిరించిన పెద్ద కుక్కలు, అంటే ఆపరేషన్ అయినవి, ఏడెనిమిది ఎండలో పడుకుని ఉన్నాయి. "నాలుగేండ్ల కింద ఈ గల్లీల ఏడాదికి 30, 40 పిల్లలు పుడ్తుండె, బండ్ల కింద పడి చస్తుండె. ఇప్పుడు ఒక్కటి లేదు చూడు." పుట్టకపోవడం వల్ల చావకుండా ఉన్న పిల్లల్ని ఆవిడ ఆ ఖాళీ గల్లీలో చూస్తోంది. నేను ఆవిడ ముఖం చూస్తూ నిలబడ్డాను.

మా ఎర్రదానికి వేళ్ళు గిల్లితే నొప్పి తెలిసింది, అంటే వెన్నుపూసలో నరం పూర్తిగా తెగలేదు, అందుకే అక్క ఆ ప్రశ్న ముందు అడిగింది. 5 వారాలు చిన్న కేజ్‌లో కదలకుండా ఉంచి నిలబెట్టారు. ఒక కాలు కుంటుతుంది, ఎడమ చెవి కొస లేదు, టిఫిన్ బండి దగ్గర తన చోటు తనకి దొరికింది. నేను వదిలిన రోజు వెనక్కి కూడా చూడకుండా ఇడ్లీ పాత్ర దగ్గరికి పరిగెత్తింది.

5కి 4 ఇస్తున్నాను. ఒకటి ఆపింది ఆ గది కోసం, సూది పట్టుకోగలిగే రెండో చెయ్యి కోసం. ఆ రెండో చెయ్యి కోసం నేను గత నెల నుంచి చర్మం కింద సెలైన్ పెట్టడం డాక్టర్ గారి దగ్గర నేర్చుకుంటున్నాను, అంతకు ముందే రేబిస్ ముందస్తు టీకా 3 డోసులూ వేయించుకున్నాను, అవి లేనిదే అక్క ఏ కుక్కనీ ముట్టుకోనివ్వదు.

నంబర్ ఉన్నవాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేయకండి. ఒక ఫోటో, లొకేషన్, నిలబడగలుగుతోందా లేదా, రక్తం ఎక్కడి నుంచి వస్తోంది, మీరు ఆటోలో తేగలరా, ఇవి మెసేజ్ పెట్టి, దాన్ని నీడలోకి జరిపి పక్కనే ఉండండి. జవాబు వస్తుంది. పాత దుప్పట్లు, దినపత్రికలు, నూకల బస్తా ఎవరైనా ఇవ్వాలనుకుంటే శనివారం సాయంత్రంలోపు నాకు చెప్పండి, ఆదివారం పొద్దున నా బండి మీదే తీసుకెళ్తాను.